చేతిరుమాలు మడవమంటే

నేను చదువుకున్నదాన్నే. డిగ్రీ ఉంది, అందులో ఫస్టు క్లాసు కూడా ఉంది. అలాంటి నేను ఒక నిండు సభలో, నలుగురు పెద్దమనుషులు చూస్తుండగా, ఒక ఎల్కేజీ టీచరుగారి చేత తెల్ల కాగితం నమిలించాను. నా చేత్తో తినిపించలేదు లెండి. తినిపించిన చెయ్యి మా అమ్మాయిది. కానీ ఆ చేతికి విద్య నేర్పిన ఘనత నాదే. ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు గది నిండా జనం నవ్వితే తట్టుకున్నదాన్ని, ఇప్పుడు మీరు నవ్వితే నాకేమైపోతుంది?

మాది ఆత్రేయపురం. ఇంట్లో పూతరేకుల పని. మా అత్తయ్యగారు పొయ్యి ముందు కూర్చుని, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని బోర్లించిన కుండ మీద ఒక్కసారి అలా లాగితే రేకు లేచి వస్తుంది. ఆ రేకుని తడిగుడ్డతో అద్ది మెత్తబరచడం, నెయ్యి రాయడం, పంచదార పొడి చల్లడం, మడత పెట్టడం నా పని. మా అమ్మాయి హర్షిత, ఇంట్లో పేరు పండు, మా ఇద్దరి మధ్యా కూర్చుని కబుర్లు చెబుతుంది. కబుర్లంటే మామూలు కబుర్లు కావు. నిద్ర లేచింది మొదలు మళ్లీ నిద్రపోయేదాకా ఆ నోటికి సెలవుండదు. పక్క వీధివాళ్లకి కూడా మా ఇంట్లో ఆ పూట ఏం కూరో తెలిసిపోయేది.

ఆ పిల్లని రావులపాలెంలో ఒక బడిలో ఎల్కేజీలో వేశాం. బడి మంచిదే. వారం వారం ఫోనుకి ఒక సందేశం పంపేవారు. ఆ వారం క్లాసులో ఏ అక్షరం, ఏ అంకె, ఏ రంగు నేర్పుతారో అందులో రాసి, కింద "ఇంట్లో మీరు ఇలా సాయం చేయవచ్చు" అని రెండు ముక్కలు పెట్టేవారు. మిగతా తల్లులు దాని కింద ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకునేవారు. నేను ఊరుకునే రకం కాదు. ఎర్ర రంగు వారంలో మా ఇంట్లో పెరుగన్నంలోకి కూడా బీట్‌రూటే. బరువూ తేలికా అన్న వారంలో తాళంచెవి నుంచి రుబ్బురోలు దాకా అన్నీ ఎత్తి చూపించాను. రుబ్బురోలు ఎత్తాక నడుం పట్టేసి నేను మంచమెక్కితే, మా ఆయన వండిన అన్నం ఏ కోవకి వస్తుందో పండూ నేనూ కలిసి తేల్చాం. బరువు.

ఇంత చేస్తున్నా, దసరా సెలవులు అయ్యాక సుజాత టీచరుగారు నన్ను బడికి పిలిపించారు.

"హర్షిత క్లాసులో మాట్లాడదండి," అన్నారు.

"ఎవరండీ?" అన్నాను.

"మీ అమ్మాయేనండి. చేరిన దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. పేరడిగితే తల దించేసుకుంటుంది. మంచినీళ్లు కావాలన్నా సీసా వైపు వేలు చూపిస్తుంది."

"మీరు వేరే పిల్లని చూసి ఉంటారండి."

ఆవిడ చాలా ఓపికగా నవ్వారు. "త్వరలో పేరెంట్స్ వచ్చే రోజు పెడుతున్నామండి. పిల్లలు నేర్చుకున్నది అందరి ముందూ చేసి చూపిస్తారు. అప్పుడైనా ముందుకొచ్చి నోరు విప్పుతుందేమో చూద్దాం. లేకపోతే వచ్చే ఏడాది కూడా ఎల్కేజీలోనే ఉంచడం మంచిదని నా ఉద్దేశం. ఏమీ అనుకోకండి."

అనుకోవద్దంటే మానేస్తానా? బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అనుకుంటూనే ఉన్నాను. నా కూతురు ఎల్కేజీ రెండుసార్లు చదవాలా? అంత చదువు అందులో ఏముంది? కోపం సంగతి సరే, ఆ కోపం కింద భయం కూడా ఉంది. ఇంట్లో అంత గలగలలాడే పిల్ల అక్కడ మంచినీళ్లు కూడా నోరు తెరిచి అడగలేకపోతోందంటే, ఎంత బిక్కుబిక్కుమంటూ కూర్చుంటోందో అని గుండె చెరువైంది.

ఇంటికొచ్చి పండుని అడిగాను. "బళ్లో ఎందుకు మాట్లాడట్లేదే?"

"అక్కడ నాకు పనేం లేదు కదమ్మా," అంది. "ఊరికే కూచుని ఏం మాట్లాడను?"

డిగ్రీ చదివిన నేను దాని చేతిలో ఒక రేకు ముక్క పెట్టి పనిలో పడ్డాను.

ఆ వారమే సందేశం వచ్చింది. ఈ వారం చతురస్రం, దీర్ఘచతురస్రం, మడత పెట్టడం. ఇంట్లో మీరు ఇలా సాయం చేయవచ్చు: చేతిరుమాలును సగానికి, మళ్లీ సగానికి మడత పెట్టించండి. శనివారం తల్లిదండ్రుల ముందు పిల్లలు కాగితంతో చేసి చూపిస్తారు.

నాకు నవ్వాగలేదు. రేకులు మడిచే ఇంటి పిల్లకి చేతిరుమాలా! ఈతగాడి కొడుకుని బకెట్లో దింపినట్టుంది.

"అత్తయ్యగారూ, విన్నారా? మన పండుకి మడత పెట్టడం నేర్పాలంటండి."

"ఎవరు నేర్పాలంట?"

"మనమేనండి. కర్చీఫుతో."

"కర్చీఫు మడితే ఏమొత్తాది, ముక్కు తుడుచుకోడానికి తప్ప? ఆ విరిగిన రేకులిటు తే అమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు, పొయ్యి ముందు నుంచి కదలకుండానే.

అలా మొదలైంది మా శిక్షణ. రోజూ బడి నుంచి రాగానే పండు కాళ్లూ చేతులూ కడుక్కుని మా మధ్య కూర్చునేది. ముందు తడిగుడ్డ, తర్వాత నెయ్యి, ఆ తర్వాత పంచదార, చివర మడత. మొదట్లో రేకు ముక్కలయ్యేది. ముక్కలు ఎలాగూ దాని నోట్లోకే వెళ్లేవి కనుక నష్టం లేదు. రెండు మూడు రోజులకే మూల మీద మూల కూర్చోబెట్టి గోటితో గీత దిద్దడం వచ్చేసింది. నేను పొంగిపోయాను. అత్తయ్యగారు అక్కడితో ఆగలేదు. సందేశంలో లేని పాఠం ఒకటి తన సొంతంగా చెప్పడం మొదలెట్టారు.

"మడిచాక మొదటిది ఎవరికి పెట్టాలే?"

"ఎదురుగుండా ఉన్నోళ్లకి."

"వద్దంటే?"

"వదిలేయకూడదు."

"మరేమనాలి?"

"అలాగంటే ఎలాగండీ, ఒక్కటే కదండీ అనాలి."

ఇక్కడ నాకు ప్రమాదం కనిపించాలి. తెలివైన తల్లి ఎవరైనా ఇక్కడ ఆగి, శనివారం నాడు ఎదురుగుండా ఎవరుంటారో ఒక్కసారి ఆలోచిస్తుంది. నేను ఆలోచించలేదు. ముచ్చటపడుతూ ఫోనులో వీడియో తీశాను. అంతటితో ఆగానా? గురువారం నాడు టీచరుగారికి ఫోను చేశాను.

"శనివారం మా అమ్మాయినే ముందు పిలవండి."

"వద్దండి, అసలే బెదురు. నలుగురు పిల్లలు చేశాక పిలుస్తాను."

"లేదండి, ముందే పిలవండి. దాని మడత చూసి మిగతా పిల్లలు నేర్చుకుంటారు. మీరూ నేర్చుకోవచ్చు."

ఆ ఆఖరి మాట కూడా నిజంగానే అన్నాను. అప్పట్లో నాకు అలాంటి మాటలు చాలా సులువుగా వచ్చేవి.

శనివారం పొద్దున్నే పండు తలకి కొబ్బరినూనె పట్టించి రెండు పిలకలు వేశాను. పిలకలు చెదరకూడదని నూనె కాస్త ఉదారంగానే వేశాను. ఇంటిల్లిపాదీ బయలుదేరాం. టీచరుగారికని ఒక డబ్బా పూతరేకులు కూడా పట్టుకెళ్లాం. క్లాసులో పెద్దవాళ్లందరినీ పిల్లల కుర్చీల మీదే కూర్చోబెట్టారు. మా ఆయన మోకాళ్లు ఆయన గడ్డానికి తగులుతున్నాయి.

"హర్షితా, రామ్మా," అని పిలిచారు టీచరుగారు.

తల వంచుకునే వెళ్లింది. బల్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టి, "దీన్ని సగానికి మడిచి చూపించు తల్లీ," అన్నారు. పండు కాగితం వైపు చూసింది. అటూ ఇటూ వెతికింది. చెయ్యి కదలలేదు. అయిపోయింది, ఇంకో ఏడాది ఎల్కేజీయే అనుకున్నాను.

"తడిగుడ్డండి," అంది పండు.

టీచరుగారు బల్ల మీదకి వంగారు. "ఏంటమ్మా? ఏమన్నావు?"

"తడిగుడ్డ కావాలండి. పొడిగా మడితే విరిగిపోద్దండి."

ఇన్ని నెలలకి ఆ నోట్లోంచి రాలిన మొదటి మాటలు అవి. ఆ సంతోషంలో అప్పుడు పండు ఏనుగునడిగినా ఆవిడ తెప్పించేవారు. గబగబా బల్ల తుడిచే గుడ్డ తడిపి ఇచ్చారు. పండు శ్రద్ధగా కాగితమంతా అద్దింది.

"ఏం చేస్తోందే అది?" అని మా ఆయన నా చెవిలో అడిగారు.

"మెత్తబరుస్తోంది."

"కాగితాన్నా?"

"మీరు ఊరుకోండి. మాట్లాడింది కదా!"

పండు గుడ్డ పక్కన పెట్టి, చెయ్యి చాపి, "నెయ్యేదండీ?" అంది.

గది గొల్లుమంది. టీచరుగారు నవ్వాపుకుంటూ, "నెయ్యి లేదమ్మా ఇక్కడ," అన్నారు. పండు ఆవిడ వైపు జాలిగా చూసింది. "నెయ్యి లేకుండా ఎలా చేత్తామండి?" అంటూ ఒక్క క్షణం ఆలోచించి, రెండు అరచేతులూ తన పిలకల మీద గట్టిగా రాసుకుని, ఆ నూనె కాగితానికి పట్టించింది. బ్లాక్‌బోర్డు కింద సుద్దపొడి కనిపించింది. "ఇది పంచదారనుకుందారండి," అని చిటికెడు తెచ్చి చల్లింది. అప్పుడు మడిచింది. సగానికి, మళ్లీ సగానికి, గోటితో గీత దిద్ది. అంతా అయ్యాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని టీచరుగారి నోటి దగ్గర పెట్టింది.

"తినండి."

"వద్దమ్మా, నేను తర్వాత తింటాలే."

"అలాగంటే ఎలాగండీ? ఒక్కటే కదండీ!"

"ఇది కాగితం కదా నాన్నా..."

"మీకోసమని చేసేనండి. ఆయ్!"

టీచరుగారు సాయం కోసం మా వైపు చూశారు. నేను కుర్చీలోంచి లేవబోయాను. ఆ కుర్చీ కూడా నాతో పాటే లేచింది. అది వదిలించుకునేలోపే వెనక నుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "పసిబిడ్డ అంత ప్రేమగా పెడతంటే వద్దంటారేంటండీ బాబూ!"

అంతే. సుజాత టీచరుగారు కళ్లు మూసుకుని, నూనె తగలని ఒక మూల చూసి చిన్న ముక్క కొరికారు. ఆవిడ నమిలారు.

"ఎలాగుందండి?" అంది పండు.

"బావుందమ్మా."

"నెయ్యి తగ్గింది కదండీ?"

"కొంచెం తగ్గిందమ్మా," అన్నారు ఆ మహాతల్లి.

మిగతా పిల్లలు చూస్తూ ఊరుకుంటారా? ఆటంటే ఇదీ అనుకుని అందరూ కాగితాల మీద పడ్డారు. తలల మీద నూనె, కాగితాల మీద సుద్దపొడి, ఎవరి మడత వాళ్లు పట్టుకుని ఎవరి అమ్మానాన్నల మీదికి వాళ్లు పరుగు. "అలాగంటే ఎలాగండీ" అని గదంతా ఒకటే కేక. తెల్లచొక్కా వేసుకొచ్చిన ఒక తండ్రిగారి గుండెల మీద రెండు నూనె చేతులు అచ్చుపడ్డాయి. వద్దంటే మర్యాద కాదంటారని మా ఆయన ఒకటి తిన్నారు. ఎవరి పిల్లాడో పెట్టిన రెండోది కూడా తిన్నారు.

గొడవ సద్దుమణిగాక టీచరుగారు పెదాలు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "కర్చీఫుతో నేర్పమన్నాం కదండీ," అన్నారు నీరసంగా.

తప్పైపోయిందండి అనాలి. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది కూడా. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం, "మడత చూశారా?" అని.

కొరికిన కాగితం ఆవిడ చేతిలోంచి తీసుకుని విప్పి చూపించాను. "సగానికి సరిగ్గా సగం. గీత కాస్తయినా పక్కకి జరిగిందేమో చూడండి. ఈ గదిలో ఉన్న పెద్దవాళ్లలో ఎవరినైనా ఇలా మడవమనండి చూద్దాం! పిల్ల నోరు విప్పదన్నారు. విప్పిందా లేదా? మీ చేత నోరు విప్పించింది కూడా! ఇప్పుడు చెప్పండి, ఏ క్లాసులో కూర్చోబెడతారో!"

నా గొంతు బయట రోడ్డు దాకా వినిపించిందని తర్వాత మా ఆయన చెప్పారు. టీచరుగారు మాత్రం కోప్పడలేదు.

"యూకేజీకి పంపిస్తానండి," అన్నారు. "ఆపేస్తే మళ్లీ నా చేత ఏం తినిపిస్తారో!"

నేను తెచ్చిన డబ్బా చేతికిస్తే, మూత తీసి, ఒక పూతరేకుని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసి మరీ తీసుకున్నారు.

ఆ తర్వాతి ఏడాది యూకేజీ కూడా ఆవిడకే ఇచ్చారు. బడి తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపారు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నారు.

"హర్షిత ఇప్పుడు క్లాసులో నోరు మూయట్లేదండి. నేను పాఠం మొదలెట్టేలోపు తనే చెప్పేస్తోంది. అటెండెన్సు కూడా తనే పిలుస్తోంది. మీరు ఇంట్లో కాస్త సాయం చేయాలి. కాసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేర్పండి."

ఆ మాట నాకెంత తీపిగా వినిపించిందో చెప్పలేను. అందుకని మీ అందరి సాక్షిగా, తూర్పుకి తిరిగి, నిండు మనసుతో ఇదే నా ప్రమాణం. ఇకమీదట బడి వాళ్లు చేతిరుమాలంటే చేతిరుమాలే మడిపిస్తాను. కాగితమంటే కాగితమే. నెయ్యి మూత తియ్యను, పంచదార ముట్టుకోను, టీచర్ల నోటి జోలికి అసలే పోను. కానీ మాట్లాడకుండా కూర్చోవడం మాత్రం నేర్పలేను. మా ఇంట్లో ఆ విద్య ఎవరికీ రాదు. రానిది ఎలా నేర్పమంటారండీ?