పిన్నిగారు కలపనివ్వని పిండి

పిన్నిగారు పోయారని కబురు వచ్చినప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నాను. ఫోన్ చేసింది బందరులో ఆవిడ ఇంటి ముందు గదుల్లో అద్దెకుండే అమ్మాయి. పొద్దున్నే కాఫీ ఇద్దామని తలుపు తట్టిందట, లేవలేదట. మీరు ఆవిడ సొంత మనిషి కదా, మొదట మీకే చెప్పాలనిపించిందండీ అంది. సరేనమ్మా, బయల్దేరుతున్నానని ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న పేపరు ఆఖరిదాకా దిద్ది, మార్కులు కూడి వేసి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది, అది చెప్పకుండానే వెళ్లిపోయారని.

పోయినవాళ్ల గురించి మంచి మాత్రమే రాయడం మర్యాద. ఆవిడ గురించి రాయడానికి మంచి బోలెడుంది. అదీ రాస్తాను. కానీ నన్ను పదకొండేళ్లపాటు నమ్మించి మోసం చేసిన మనిషి గురించి మంచి మాత్రమే రాసుకొస్తే, ముందు ఆవిడే నవ్వుతారు.

ఆవిడ నాకు చుట్టం కాదు, పక్కింటావిడ. తొంభైల మొదట్లో బందరు హైస్కూల్లో నాకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయనా నేనూ కాపురం పెట్టిన ఇంటికీ, ఆవిడ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మేం దిగిన రెండో నెలలోనే నాకు టైఫాయిడ్ వచ్చింది. గోడ మీదుగా చారు గిన్నె అందించడంతో మొదలుపెట్టి, నాలుగో రోజుకల్లా ఆవిడ మా వంటింట్లోకే వచ్చేశారు. పెదపారుపూడి నుంచి మా అమ్మ సంచీ సర్దుకుని వచ్చేసరికి పిన్నిగారు నా మంచం పక్కన కూర్చుని నాకు తల దువ్వుతున్నారు. అమ్మ రెండ్రోజులుండి, నీకింకో తల్లి దొరికిందే, నేనెందుకిక్కడ అని వెళ్లిపోయింది.

మా వీధిలో పెళ్లయినా సీమంతమైనా గవ్వలు మాత్రం పిన్నిగారే చెయ్యాలి. మైదాలో కాస్త బొంబాయి రవ్వ వేసి, కాగిన నెయ్యి పోసి కలిపి, చిన్న చిన్న ఉండలు చేసి, చెక్క దువ్వెన మీద బొటనవేలితో నొక్కి లాగితే గవ్వలా చుట్టుకుంటుంది. వాటిని సన్న సెగ మీద వేయించి బెల్లం పాకంలో వేస్తారు. ఇంతే కదా అనిపిస్తుంది. ఇంతే కాదు. ఆవిడ గవ్వ నోట్లో పెట్టుకుంటే కరకరమని విరిగి, ఆ వెంటనే కరిగిపోయేది. ఇంకెవరు చేసినా పళ్లకి పని చెప్పేవి. ఆవిడ దువ్వెన ఎవరి తలలోనూ దూరలేదు. దాన్ని పాత సిల్కు గుడ్డలో చుట్టి, దేవుడి పటాల వెనక దాచేవారు.

ఆదివారం మధ్యాహ్నాలు నేను గోడ దాటి వెళ్లేసరికి పిండి కలిపేసి, తడి గుడ్డ కప్పి ఉండేది. ఇద్దరం చాప మీద కూర్చుని గవ్వలు నొక్కేవాళ్లం. నూనె చప్పుడు మారేదాకా గరిటె పెట్టకు అనేవారు. తొందరున్నవాళ్లు కొనుక్కు తినాలమ్మాయ్ అనేవారు. నేను హెడ్మిస్ట్రెస్ మీద చాడీలు చెప్పేదాన్ని, మా ఆడపడుచుని ఆడిపోసుకునేదాన్ని. నాకు రెండోసారి కడుపు నిలవనప్పుడు ఆ చాప మీదే ఏడ్చాను. పిన్నిగారు నొక్కుతున్న గవ్వలు పక్కన పెట్టి, నా వీపు మీద చెయ్యి వేసి, పాకం చల్లారిపోతున్నా లేవకుండా కూర్చున్నారు. ఆ రోజు గవ్వలు పాడైపోయాయి. నాకు తెలిసి ఆవిడ చేతిలో గవ్వలు పాడవడం ఆ ఒక్కసారే.

ఒక శ్రావణ మాసంలో ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి మోపిదేవి వెళ్లారు. మర్నాటికి వెనకింటివాళ్ల సీమంతానికి గవ్వలు కావాలి. సాయంత్రానికల్లా వచ్చేస్తానన్న మనిషి, పులిగడ్డ దగ్గర బస్సు చెడిపోయి ఎంతకీ రాలేదు. వెనకింటావిడ వచ్చి కంగారుపడుతుంటే నేనే పూనుకున్నాను. నెయ్యి కాచి పోసి, నాకు తోచినట్టు కలిపి, నొక్కి, వేయించి పాకం పట్టేశాను. దీపాలు పెట్టాక పిన్నిగారు వచ్చారు. కాళ్లు కడుక్కుని, ఒక గవ్వ తీసి నోట్లో వేసుకున్నారు. ఇంకోటి తిన్నారు. మూడోది చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూశారు.

"పర్లేదు, గడిచిపోతుంది. కానీ నీది వేడి చెయ్యమ్మాయ్. పిండి కలపడానికి పనికిరాదు. నువ్వు నొక్కు, చాలు" అన్నారు.

నమ్మాను. నమ్మకేం చేస్తాను? నాకు జ్వరం తగ్గించిన చెయ్యి చెప్పిన మాట అది. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో చపాతీ పిండి కలిపే పని మా ఆయన మీద పడింది. పదకొండేళ్లు పాపం ఆయనే బనీను వేసుకుని, కింద కూర్చుని, చెమటలు కక్కుతూ కలిపారు. చుట్టాలు నవ్వేవారు. మా ఆవిడది వేడి చెయ్యండీ అని సర్దిచెప్పేవారు ఆయన.

అంతటితో పోయినా బాగుండేది. ఆ రోజుల్లో ఊరూరా ఇంటి పిండివంటల దుకాణాలు పెడుతున్నారు. నాకు బడి మీద విసుగు పుట్టింది. ఉద్యోగం మానేసి, రోడ్డు వైపు గదిలో దుకాణం పెడదామని ఒకటే కోరిక. పిన్నిగారూ నేనూ కలిసి చేద్దామని వెళ్లి అడిగాను. బోర్డు మీద ఏ పేరు రాయించాలో కూడా అనుకున్నాను. ఆవిడ నా రెండు చేతులూ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. ఇన్నేసి కేజీల పిండి కలపాలమ్మా, నాకు ఓపిక లేదు, నీకు చెయ్యి కుదరదు, నవ్వులపాలైపోతాం అన్నారు. ఎంత ప్రేమగా చెప్పారంటే, వద్దన్నందుకు నేనే ఆవిడకి థాంక్స్ చెప్పి వచ్చాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోడ్డులో తర్వాత అలాంటి దుకాణాలు మూడు వచ్చాయి.

ఇక ఇటలీ సంగతి. రెండువేల సంవత్సరం దాటిన అయిదారేళ్లకి, వేసవి సెలవుల్లో మా టీచర్లం కొందరం విజయవాడ ట్రావెల్స్ వాళ్లతో టూరుకి పేర్లిచ్చాం. మా ఆయనకి విమానమంటే భయం. మీ పిన్నిగార్ని తీసుకెళ్లు అన్నారు. వెళ్లి అడిగితే, ఫొటోకి కళ్లజోడు తియ్యాలా అని అడిగారు తప్ప ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు కట్టుకుని బయల్దేరారు. రోములో ఆ పెద్ద పెద్ద రాతి మెట్లన్నీ చూసి, ఇవన్నీ ఎవరు ఊడుస్తారే అని బాధపడ్డారు.

టూరులో ఒక పూట వంట క్లాసు. నేపుల్స్ దాటాక ఒక పల్లెటూళ్లో, ఒకావిడ ఇంటి వంటింట్లోనే. అరవై దాటిన భారీ మనిషి, జుట్టుకి గుడ్డ కట్టుకుని ఉంది. టూరిస్టులతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు బాగానే వచ్చింది. ఎవరి పిండి వాళ్లే కలపాలి, ఎవరి పాస్తా వాళ్లే చెయ్యాలి, చేసింది తినకుండా లేవకూడదు, ఇదీ ఆవిడ పద్ధతి. గుడ్డు తినని మాకు వేరే బల్ల వేసి, సన్నటి గోధుమ రవ్వా నీళ్లూ పెట్టింది.

మొదట తను ముందే కలిపి ఉంచిన పిండిలోంచి ఒక ఉండ తుంచి, గాట్లున్న చిన్న చెక్క మీద బొటనవేలితో నొక్కి లాగింది. పిన్నిగారు నా డొక్కలో పొడిచారు. ఇవి గవ్వలేనే, మనవే, ఈవిడకెవరు నేర్పారు అన్నారు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆవిడ పకపకా నవ్వి చెక్క పిన్నిగారికిచ్చింది. ఆవిడ పది నొక్కేలోపు పిన్నిగారు ఇరవై నొక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు. బెల్లం లేకుండా టమాటా గుజ్జులో వేసుకు తింటారని తెలిసి మాత్రం, పాపం అన్నారు పిన్నిగారు.

తర్వాత పిండి కలపడం. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నావి వేడి చేతులు, నేను కలిపితే పాడవుతుంది అని చెప్పాను. ఇటలీ ఆవిడ నా చేతులు ముందుకి లాక్కుని, తన బుగ్గలకి ఆనించుకుని చూసింది. ఈ పిండికి కావాల్సింది వేడి చేతులే, చల్లటి చేతులకి లొంగదు, కలుపు అంది. కలిపాను. మొదట పొడిపొడిగా విడిపోయింది. భయం వేసింది. కాసేపటికి అరచేతి కింద అది మెత్తబడటం తెలిసింది, ఇంకాసేపటికి బల్లకి ఎక్కడా అంటుకోకుండా, నున్నగా, బొద్దుగా తిరగడం మొదలుపెట్టింది. ఒంట్లో ఏదో పోయిన ప్రాణం వచ్చినట్టయింది. ఇటలీ ఆవిడ ఆ ముద్దని ఎత్తి అందరికీ చూపించింది. మొదటిసారికే ఇలా కలిపిన మనిషిని ఇన్నేళ్లలో చూడలేదంది.

పక్కన పిన్నిగారి ముద్ద అంచుల దగ్గర బీటలు తీసి ఉంది. ఏమంటోందే ఆవిడ అని అడిగారు. చెప్పాను. పిన్నిగారి మొహం చిన్నబోయింది. అది ఒక్క క్షణమే. తర్వాత తల ఎత్తి, నా వైపు కాదు, ఇటలీ ఆవిడ వైపు చూస్తూ అన్నారు.

"నాకెప్పుడో తెలుసని చెప్పవే ఆవిడికి. నేను మోపిదేవి వెళ్లిన రోజు నువ్వు కలిపావు చూడు, అది నేను కలిపినదానికంటే బాగుంది. అందుకే మళ్లీ నిన్ను కలపనివ్వలేదని చెప్పు."

నేను ఇంగ్లీషు టీచర్ని. పదిహేనేళ్ల అలవాటున నోరు దాని పని అది చేసుకుపోయింది. ఒక్కో వాక్యమే ఇంగ్లీషులోకి మార్చి, తప్పులేకుండా, స్పష్టంగా చెప్పాను. ఆఖరి వాక్యం పూర్తయ్యాక గానీ నేనేం చెప్పానో నా చెవిన పడలేదు. పిన్నిగారికి కావాల్సిందల్లా, నా చేతి గుణం ముందు కనిపెట్టింది తనా, ఊరూ పేరూ తెలియని ఆ ఇటలీ ఆవిడా అన్నది తేలడమే. ఆ పంతంలో, ఆ మాట ముందు చేరేది నాకేనన్న సంగతి కూడా మర్చిపోయారు.

ఇటలీ ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఎందుకు అని అడిగింది.

"ఎందుకని అడుగుతోందండీ" అన్నాను పిన్నిగారితో.

ఆవిడ పిండి మీద తడి గుడ్డ కప్పుతూ, "అది ఆవిడికి చెప్పేది కాదులే" అన్నారు.

నాకైనా చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు. నేను చేసిన పాస్తా అందరూ అడిగి వడ్డించుకుని తిన్నారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయారు. భుజం తీసెయ్యలేదు, అలాగని సర్దుకుని కూర్చోనూ లేదు. మోసం చేసింది పైవాళ్లయితే తిట్టి ఊరుకోవచ్చు. నేను నా ఏడుపులన్నీ తీసుకెళ్లి పోసుకున్న చాప మీద కూర్చునే, ఆవిడ ఆదివారం ఆదివారం ఆ అబద్ధాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చిన మర్నాడు చపాతీ పిండి నేను కలిపాను. మా ఆయన బనీనుతో గుమ్మంలో నిలబడి, మరి ఇన్నాళ్లూ నేనెందుకు కలిపినట్టు అన్నారు. ఏడ్చేశాను.

ఆ ఏడాదే గుడివాడ బదిలీ అడిగి తెచ్చుకున్నాను. బందరు వెళ్లినప్పుడు ఆవిణ్ణి చూసేదాన్ని, పండ్లు పెట్టి పది నిమిషాలు కూర్చుని వచ్చేసేదాన్ని. ఒక్కసారి ఉండబట్టలేక, ఎందుకలా చేశారు పిన్నిగారూ అని అడిగేశాను. ఆవిడ ఆశ్చర్యపోయారు.

"ఏం చేశానే? పక్కన కూర్చోబెట్టుకున్నాను కదా, పదకొండేళ్లు" అన్నారు.

అది జవాబో, నన్నే ఎదురు అడగడమో తెలియలేదు. మళ్లీ అడుగుదాంలే అనుకున్నాను. అలా అనుకుంటూనే మూడేళ్లు గడిపేశాను.

ఆఖరిసారి చూసింది ఆవిడ పోవడానికి నెల ముందు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. నేను వస్తున్నానని అద్దెకున్న అమ్మాయి చెప్పిందట. వెళ్లేసరికి చాప పరిచి ఉంది. బేసిన్లో మైదా, రవ్వ, పక్కన గిన్నెలో కాచిన నెయ్యి. గోడకి చేరబడి కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది.

"ఇవాళ నువ్వు కలుపమ్మాయ్" అన్నారు.

ఆ మాట కోసం నేనెన్నేళ్లు ఎదురుచూశానో ఆవిడకి తెలుసు. తెలిసే అన్నారు. నేను ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"నాది వేడి చెయ్యి కదండీ" అన్నాను.

పిన్నిగారు నా వైపు కాసేపు చూశారు. నెయ్యి తనే పోసుకుని, ముందుకి వంగి, కుడిచేత్తో పిండి కలపడం మొదలుపెట్టారు. రెండో చెయ్యి ఆసరా లేదు కాబట్టి, ఆవిడ నొక్కినప్పుడల్లా బేసిను గచ్చు మీద చప్పుడు చేస్తూ దూరం జరిగిపోతోంది. దాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుంటున్నారు, మళ్లీ నొక్కుతున్నారు, మళ్లీ జరిగిపోతోంది. నాలుగోసారి అది నా మోకాలి దాకా వచ్చి ఆగింది. అప్పుడు రెండు చేతులతో దాని అంచు పట్టుకున్నాను. ఆవిడ కలిపినంతసేపూ కదలకుండా గట్టిగా పట్టుకునే ఉన్నాను. పిండి మాత్రం ముట్టుకోలేదు.