ఇల్లు కాని బండి

విక్టోరియా నర్సమ్మను కొత్తగా చూసినవాళ్ళు మొదట క్షేమం అడిగేవారు, తర్వాత ఏ ఊరని అడిగేవారు, మూడో మాటగా తప్పకుండా ఇదడిగేవారు: "ఏవండీ, ఇల్లూ వాకిలీ లేకుండా ఈ వ్యానులో ఎందుకుంటున్నారండీ?" ఐదేళ్ళుగా అదే ప్రశ్న. ఆకివీడు సంతలో చేపలమ్మే ఆవిడ అడిగింది. తాడేపల్లిగూడెం స్టేషన్లో టిక్కెట్ల గుమాస్తా అడిగాడు. పన్ను వాచి నోరు తెరవలేక మూలుగుతూ మందుకొచ్చిన పెద్దమనిషొకడు, మందు పూయించుకుని, దవడ పట్టుకునే సైగచేసి మరీ అడిగాడు. ఆవేళ విక్టోరియాకు ఆ రెండో దవడ కూడా వాయిస్తే బాగుండుననిపించింది.

ఏం చెప్పాలి? మనిషిని బట్టి చెప్పేది. కరణంగారు అడిగితే, గాలి బాగా ఆడుతుందండీ అనేది. ఎలీయాజరు పాస్టరుగారు అడిగితే, సేవకోసమండీ అనేది. ఆయన ఆ మాట పట్టుకుని ఆదివారం ప్రసంగంలో గంటసేపు గుడారాల గురించి చెప్పాడు. వట్లూరులో ఉన్న అక్క అచ్చమ్మ అడిగితే మాత్రం, "మీ మరిదికి ఆ స్టీరింగు వదలబుద్ధి కావటం లేదే" అని మొగుడి మీదికి తోసేసేది. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే విన్నవాళ్ళు నొచ్చుకుంటారు, లేదా నొచ్చుకున్నట్టు మొహం పెడతారు. రెంటినీ చూసే ఓపిక ఆమెకు లేదు.

ఆ వ్యాను మిషను ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు దొరసానిది. ఆమె సముద్రం దాటి తన సీమకు వెళ్ళిపోతూ, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పురుళ్ళు పోయడానికని విక్టోరియాకు వదిలి వెళ్ళింది. డ్రైవరు ఏసోబు విక్టోరియా భర్తే కాబట్టి ఇద్దరికీ ఒకచోటే ఉద్యోగం. మొదటి నాలుగేళ్ళు బండి బాగానే నడిచింది. ఐదో ఏడు ఇంజను చచ్చిపోయింది. తాడేపల్లిగూడెంలో మేస్త్రీ దాన్ని మూడుసార్లు విప్పి, మూడుసార్లూ రెండేసి మరలు మిగిల్చి మూశాడు. ఇక లాభం లేదని ఏసోబు ముందు బంపరుకు కాడి కట్టి ఎద్దులను పూన్చాడు. అయినా తను డ్రైవరే. ఖాకీ టోపీ తీయడు, స్టీరింగు ముందు నుంచి లేవడు. ముల్లుకర్ర పట్టడం నామోషీ కాబట్టి ఎద్దులు నిలబడిపోతే రబ్బరు హారను నొక్కుతాడు. ఆ హారనుకు ఊళ్ళో కుక్కలన్నీ లేచేవి గానీ ఎద్దులు చెవి కదిపేవి కావు.

లోపల రేకు గోడలు, రెండు బల్లలు, మందుల పెట్టె, ఒక మూల కిరసనాయిలు పొయ్యి. వానొస్తే దీపం పెట్టుకునే చోటే కారేది. ఎండొస్తే పెనం. అన్నిటికన్నా ఆమె ప్రాణం తీసింది పైకప్పు. విక్టోరియా పొడగరి. ఐదేళ్ళుగా ఆమె నిలువునా నిలబడి చీర కట్టుకోలేదు. నడుం వంచి కుచ్చిళ్ళు పెట్టుకోవడం, బయటికొచ్చాక అవి ఒకపక్కకు ఈడ్చుకుపోవడం, ఏసోబు చూసి నవ్వడం. రోజూ ఇదే.

అలాంటి విక్టోరియాకు పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం వేసవిలో వట్లూరులో ఇల్లొచ్చింది. మిషను కమిటీవాళ్ళు పెంకులతో రెండు గదులు కట్టించి, ఒకటి ఆమెకిస్తామన్నారు. ఇంటినుంచే పనిచేసుకోవచ్చునట. ఉత్తరంలో షరతు కూడా రాశారు. వైశాఖ మాసంలో ఫలానా శనివారం సాయంత్రంలోగా వ్యాను అప్పగించి తాళం తీసుకోవాలి. ఆలస్యమైతే ఇల్లు వేరొకరికి ఇస్తారు. ఆమె ఒకసారి వెళ్ళి ఆ ఇల్లు చూసి వచ్చింది. గది మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. వేళ్ళు దేనికీ తగల్లేదు. చూస్తున్న అచ్చమ్మ, "ఏమిటే ఆ వేషాలు" అంది. విక్టోరియా కళ్ళు తుడుచుకుంది.

అందుకని ఆ గురువారం పొద్దున్నే ఆకివీడు నుంచి గూడెం దారి పట్టారు. ఎద్దుల నడకకు శుక్రవారం గూడెం, శనివారం మధ్యాహ్నానికి దెందులూరు, సాయంత్రానికి వట్లూరు. లెక్క సరిపోయింది.

పదిగంటలవేళ దారిలో ఒక అగ్రహారం దగ్గర, ఒంటిమీద ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా ఒకాయన రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆ ఊరి గుళ్ళో అర్చకుడు రాఘవయ్యగారు.

"నర్సమ్మగారేనాండీ? మా అమ్మాయికి నొప్పులు వస్తున్నాయండీ. ఇంకా మూడు వారాలుందనుకున్నాం."

విక్టోరియా సంచీ భుజాన వేసుకుని దిగింది. ఇంటివైపు రెండడుగులు వేసేసరికి ఆయన ఇబ్బందిగా ఆగమన్నాడు. పిల్ల ఇంట్లో లేదట. పెరటి కంచె అవతల నిమ్మచెట్టు కింద ఉంది. వెళ్ళి చూస్తే, పందొమ్మిదేళ్ళ హైమావతి చెట్టు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. పది గజాల దూరంలో ఆమె నాయనమ్మ ఆండాళ్ళుగారు కళ్ళనిండా నీళ్ళతో నిలబడి ఉంది.

"ఈ పిల్లను ఎండలో ఎందుకు నిలబెట్టారండీ?" అని విక్టోరియా గట్టిగానే అడిగింది.

ఆండాళ్ళుగారు ముక్కు తుడుచుకుని విషయం చెప్పింది. రేపటినుంచి స్వామివారి కళ్యాణోత్సవాలు. రాఘవయ్యే చెయ్యాలి. ఇంట్లో పురుడొస్తే మైల, గుళ్ళోకి అడుగుపెట్టకూడదు. ఆయన చెయ్యకపోతే భీమవరం నుంచి జ్ఞాతి వచ్చి చేస్తాడు. ఒకసారి చేశాడంటే అర్చకత్వం నాదేనంటాడు. "అమ్మాయి బిడ్డ వాళ్ళ అత్తవారి గోత్రం, మా గోత్రం కాదమ్మా. మా గడపలో పుడితేనే మాకు మైల. గడప దాటి పుడితే ఏమీ లేదు. పక్కిళ్ళవాళ్ళను అడిగాం. వాళ్ళ గడపకూ అంతేగా, ఒక్కరూ ఒప్పుకోలేదు. నీ బండి ఉందిగా. అది ఇల్లు కాదాయె."

విక్టోరియాకు ఒళ్ళు మండిపోయింది. ఐదేళ్ళ కాపురాన్ని పట్టుకుని ఇల్లు కాదంటుందేమిటి! నాలుగు మాటలు అనబోయింది. కానీ అప్పటికే ఆమె చెయ్యి పిల్ల కడుపుమీద ఉంది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. మాటలకు టైము లేదు.

"ఏవండీ, బండి కంచె దగ్గరికి తీసుకురండి. ఆ హారను నొక్కకండి," అని కేకేసింది.

మధ్యాహ్నం మూడింటికి ఆడపిల్ల పుట్టింది. కాళ్ళు ముందు, చేతులు తర్వాత, తల చిట్టచివర. ఆ చివరి రెండు నిమిషాలు విక్టోరియా తన జన్మలో మరిచిపోలేదు. నీలంగా ఉన్న బిడ్డ వీపు చరిచి, ఊపిరి ఊది ఏడిపించింది. బయట ఆండాళ్ళుగారు దండం పెట్టింది. రాఘవయ్యగారు మైల తగలకుండా దూరంగానే నిలబడి ఏడ్చాడు.

చేతులు కడుక్కుని విక్టోరియా, "ఇక తల్లినీ పిల్లనూ దింపుకోండి. మేము వెళ్ళాలి," అంది.

ఎక్కడికి దింపుతారు? ఇంట్లోకి తీసుకెళితే మైల ఇంట్లోకి వచ్చినట్టే. పదోరోజు గడిచాక, పదకొండోనాడు పురిటిస్నానమయ్యాకే గడప ఎక్కాలి. పోనీ ఇద్దరినీ బండిలోనే వట్లూరు తీసుకుపోదామంటే హైమావతికి రక్తం బాగా పోయింది. ఆ ఎద్దులు, ఆ గతుకులు. నర్సుగా తనే వద్దనాలి. వద్దని తనే అంది. అని, బండి వెనక్కి వెళ్ళి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తెలుగులో తనకు తెలిసిన తిట్లన్నీ తిట్టింది. ఎవరినో ఆమెకే తెలియదు.

ఏసోబును బస్సులో వట్లూరు పంపింది. పరిస్థితి ఇది, పది రోజులు గడువివ్వండని చీటీ రాసింది. ఆదివారానికి ఏసోబు టోపీ చేతిలో పట్టుకుని తిరిగొచ్చాడు. అతను టోపీ తీశాడంటేనే ఆమెకు అర్థమైపోయింది.

"ఇల్లు దేవసహాయం మాస్టారికి ఇచ్చేశారే. మీకెలాగూ బండి ఉందిగా అన్నారు."

"మా అక్క ఏమంది?"

"బండి వదల్లేక వంకలు పెడుతున్నారంది."

విక్టోరియా మందుల పెట్టె మూత తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీసింది.

ఇక ఆ పదిరోజులు! బండి బాలింతరాలిదైపోయింది. విక్టోరియా చాప, పొయ్యి, చీరల పెట్టె నిమ్మచెట్టు కిందికి వచ్చేశాయి. ఏసోబు బండి కింద పడుకున్నాడు. ఆమెను పడుకోమని ఆ అగ్రహారంలో ఒక్క అరుగూ పిలవలేదు. పశువులపాకలో ఒక పక్క ఊడ్పిస్తామని మాత్రం అన్నారు, పాపం, ఎంతో మర్యాదగా. ఆమె అక్కరలేదండీ అని చెప్పి, మైలు దూరంలో తన కులంవాళ్ళుండే పల్లెకు పోయి, హన్నమ్మ అనే కూలిమనిషి ఇంటి అరుగుమీద పడుకునేది. తెల్లవారగానే మళ్ళీ మైలు నడక. బాలింతరాలిని తాకే మనిషి ఆమె ఒక్కతే. బిడ్డకు నీళ్ళుపోసేదీ, గుడ్డలు ఉతికేదీ, హైమావతికి తల దువ్వేదీ ఆమే. ఆండాళ్ళుగారు పథ్యం వండి తెచ్చి, కంచె మీదుగా ఆకు పెట్టి, చెయ్యి తగలకుండా పైనుంచి వడ్డించేది. వంట మాత్రం దివ్యంగా ఉండేది. అది కూడా విక్టోరియాకు కోపమే. కోపంతోనే మారు అడిగి వేయించుకునేది.

హైమావతి మంచిపిల్ల. మూడోరోజే అడిగింది.

"మీరు ఈ బండిలో ఎందుకుంటారండీ?"

"గాలికోసం."

"వైశాఖంలో, రేకుబండిలో, గాలాండీ?" అని ఆ పిల్ల కుట్లు నొప్పెడుతున్నా నవ్వింది. విక్టోరియాకూ నవ్వొచ్చింది. ఆ పదిరోజుల్లో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

గుళ్ళో కళ్యాణం మహా వైభవంగా జరిగింది. మేళం కంచెదాకా వినిపించింది. భీమవరం జ్ఞాతి వచ్చి, భోజనం చేసి, ఏమీ దొరక్క వెళ్ళిపోయాడు.

పదకొండోనాడు పొద్దున్న హైమావతికి పురిటిస్నానం చేయించింది విక్టోరియానే. ఆ తర్వాత ఇంటివాళ్ళు వచ్చి బండికి స్నానం చేయించారు. బిందెలతో నీళ్ళు కుమ్మరించి, పేడనీళ్ళు చల్లి, తలుపుకు పసుపు రాసి, మామిడాకులు కట్టారు. రాఘవయ్యగారు మంత్రాలు చదువుతూ కలశంలో నీళ్ళు బండి లోపలా బయటా చిలకరించాడు. తల్లీ బిడ్డా గడప ఎక్కడానికి ముహూర్తం ఇంకా అరగంట ఉంది. అందాకా శుద్ధి అయిన బండిలోనే కూర్చోమన్నారు.

విక్టోరియా థర్మామీటరు తీసుకుందామని వచ్చింది. బల్లమీదే ఉంది. చెయ్యి తలుపుమీద వేసి, కాలు మెట్టుమీద పెట్టింది.

"ఆగమ్మా, ఆగు!" అంటూ ఆండాళ్ళుగారు పరుగున వచ్చింది. "ఇప్పుడే శుద్ధి అయింది. అమ్మాయి దిగేదాకా నువ్వు ఎక్కకు తల్లీ. మళ్ళీ మొదటికొస్తుంది."

విక్టోరియా కాలు తీసి కింద పెట్టింది. చెయ్యి మాత్రం తలుపుమీదే ఉండిపోయింది. పసుపు అంటుకుంది. రాఘవయ్యగారు మంచివాడే. ఆయనకు ఆ నిశ్శబ్దం భరించరానిదైపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలి. దొరికింది అదొక్కటే.

"అసలు మీరింత చదువుకున్నవారు, ఇలా బండిలో ఎందుకుంటారండీ నర్సమ్మగారూ? ఏదో ఒక ఊళ్ళో ఇల్లు తీసుకుని ఉండకూడదూ?"

గాలికోసమని నోటిదాకా వచ్చింది. ఆమెకే విసుగేసింది.

"మీ ఊళ్ళో నాకు ఇల్లు అద్దెకిస్తారాండీ?" అంది.

ఆయన చేతిలో కలశంలోకి చూసుకున్నాడు.

"ఇవ్వరండీ," అని తనే జవాబు చెప్పింది. "ఐదేళ్ళ కిందట కొల్లేటి పక్కన ఆరు ఊళ్ళల్లో అడిగాను. పురుడు పొయ్యడానికి రమ్మన్నారు, ఉండడానికి వద్దన్నారు. పల్లెలో ఉంటానంటే, పల్లెలోకి వచ్చి నిన్నెవరు పిలుస్తారన్నారు. రోడ్డుమీదైతే ఎవరి గడపా కాదు కదండీ. అందుకే ఉంటున్నాను."

గట్టిగా ఏమీ అనలేదు. ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆండాళ్ళుగారు, పాపం, "ముహూర్తం దాటిపోతోంది" అంది. ఇంకా పావుగంట ఉంది.

లోపల హైమావతి బిడ్డను గుండెకు హత్తుకుని, "నాతో గాలికోసమన్నారే," అంది.

"నీకు బాలింత ఒళ్ళు. వద్దనుకున్నాను," అంది విక్టోరియా.

ముహూర్తం వేళకు తల్లీ బిడ్డా దిగి ఇంట్లోకి వెళ్ళారు. గడప దాటేముందు హైమావతి వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళ నాయనమ్మ కుడికాలు ముందు పెట్టమంటే పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. మెట్టుమీద తాంబూలం, పట్టంచు చీరా పెట్టి, రాఘవయ్యగారు దూరం జరిగి నమస్కారం పెట్టాడు. చేతులు చాలాసేపు దించలేదు.

ఏసోబు ఎద్దులను పూన్చి, టోపీ పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఎటే? వట్లూరా?"

"వట్లూరులో ఏముందండీ మనకు? వెనక్కి తిప్పండి. ఆకివీడు అవతల వెంకటనరసమ్మకు ఈ వారమే నెలలు నిండుతున్నాయి."

అతను హారను నొక్కాడు. కుక్కలు లేచాయి. విక్టోరియా పట్టంచు చీర చేత్తో పట్టుకుని, తలుపుకు కట్టిన మామిడాకులు పక్కకు తప్పించి, ఎప్పటిలాగే తల వంచుకుని లోపలికి ఎక్కింది. వంచకపోతే తగులుతుంది.