మస్తాన్ బాబాయ్ టేపు, నా రెండు సాక్ష్యాలు

నా జబ్బును మొదట పట్టుకున్నది డాక్టరు కాదు, రేపల్లెలో మా వీధి చివర ఉండే టైలర్ మస్తాన్ బాబాయ్. 2005 డిసెంబరు మొదటి వారంలో క్రిస్మస్ చొక్కాకి గుడ్డ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఛాతీ చుట్టూ టేపు వేసి చూశాడు. తీసి మళ్ళీ వేశాడు. తరువాత అరలోంచి కిందటేడు కొలతల పుస్తకం దించి నా పేరు వెతికాడు.

"పోయిన క్రిస్మస్‌కి ముప్పై ఆరు. ఇప్పుడు ముప్పై మూడున్నర. ఏంటయ్యా పాస్టరుగారూ, మాకంటే ఎక్కువ ఉపవాసాలుంటున్నావా?"

"సైకిల్ తొక్కుతున్నాను కదా బాబాయ్, కరిగుంటుంది."

"సైకిల్ తొక్కితే పొట్ట కరుగుతుంది. ఛాతీ కరగదు. టేపు తిప్పేలోపు మూడుసార్లు దగ్గావు, అదేంటి మరి?"

నిజానికి నేను పాస్టరును కాను. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, తెనాలిలో రెండేళ్ళు యాంప్లిఫయర్లు బాగుచేసి, ఇరవై నాలుగో ఏట సువార్త పనిలో చేరాను. మా సంఘం పెద్దయ్యగారు ఉండేది బాపట్లలో. ఆయన నన్ను రేపల్లె పంపారు. అక్కడ గది తీసుకుని, సైకిల్ వెనక చిన్న మైకు సెట్టు కట్టుకుని సముద్రం వైపు ఊళ్ళు తిరిగేవాణ్ణి. ఏ రోజు ఏం జరిగినా నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు.

ఆ సాయంత్రం పుస్తకం తీసి వెనక్కి తిప్పాను. దగ్గు ఐదు వారాల నుంచి ఉంది. సాయంత్రాలు జ్వరం వస్తోంది. నిద్రలో చెమటకి దిండు తడుస్తోంది. అన్నీ నేనే రాసుకున్నాను, కాని వేర్వేరు పేజీల్లో. వాటి కింద ఛాతీ కొలత కూడా చేర్చి అన్నీ ఒకే పేజీలో రాసేదాకా నాకు భయం వేయలేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు రోజుల్లో మూడుసార్లు స్పూటమ్, అంటే కఫం, పరీక్షకి తీసుకున్నారు. రెండు పాజిటివ్. టీబీ. కొలకలూరు నుంచి అమ్మ వచ్చి, ఎక్స్‌రే కూడా చూపిస్తే గాని తనకి నిద్ర పట్టదని తెనాలి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి చూశారు.

"రైట్ అప్పర్ లోబ్‌లో చిన్న కేవిటీ ఉంది, కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుంట. భయపడకండమ్మా. మందుకి లొంగే జబ్బే."

"దొరికిన చోటల్లా నీళ్ళు తాగుతాడండి. దానివల్లేనండి."

"నీళ్ళ వల్ల రాదమ్మా. గాలి వల్ల వస్తుంది."

"అయితే వీడు ఊపిరి పీల్చడం మానెయ్యాలా అండి?" అంది అమ్మ. డాక్టరు నవ్వలేదు. నాకు మాత్రం నవ్వు, దగ్గు కలిసి వచ్చాయి.

మందు రేపల్లెలోనే ఇచ్చారు. కేటగిరీ వన్. నా పేరు రాసిన ఎర్ర డబ్బా. సోమ, బుధ, శుక్రవారాలు, రోజుకి ఏడు మాత్రలు, మొత్తం ఆరు నెలలు. అయితే అవి ఇంట్లో వేసుకోవడానికి వీల్లేదు, ఇంకొక మనిషి చూస్తుండగా మింగాలి. "నమ్మకమైన వాళ్ళు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?" అని హెల్త్ వర్కర్ అడిగితే మస్తాన్ బాబాయ్ పేరు చెప్పాను.

ఆయన ఆ డబ్బాని బొత్తాల డబ్బాల పక్కన పెట్టాడు. నేను వెళ్ళగానే మిషను ఆపి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చేవాడు. ఏడూ మింగాక నోరు తెరిచి చూపించాలి. అప్పుడు చెవి మీది పెన్ను తీసి కార్డు మీద టిక్కు పెట్టేవాడు.

"ఇంత చూడాలా బాబాయ్?"

"నీ దేవుడితో ఏం మాట్లాడుకుంటావో అది నీ ఇష్టం. మింగడం మాత్రం నా ముందు."

ఫిబ్రవరి చివరికి దగ్గు పోయింది. స్పూటమ్ నెగటివ్ వచ్చింది. రేపల్లె డాక్టరుగారు రిపోర్టు చూసి, "గుడ్. కాని ఇది సగం కూడా కాదు. ఇంకా నాలుగు నెలలు" అన్నారు. ఇకనుంచి బాబాయ్ దగ్గర వారానికొక మాత్రల అట్ట తీసుకోవచ్చు. సోమవారం మాత్రలు బాబాయ్ ముందు మింగాలి, మిగతావి ఇంట్లో వేసుకుని ఖాళీ అట్ట తెచ్చి చూపించాలి.

మార్చి నెల కూడికలో సాక్ష్యం చెప్పమని పెద్దయ్యగారు బాపట్ల పిలిచారు. మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి పదిమంది ముందు చెప్పడం మాలో పద్ధతి. నేను ముందురోజే పాయింట్లు రాసుకున్నాను. బరువు తగ్గడం, పరీక్షలు, నా భయం, సంఘమంతా చేసిన ప్రార్థన, నెగటివ్ రిపోర్టు. మొత్తం ఐదు. వాటిలో మాత్రలు లేవు. మర్చిపోయి కాదు. ఆరో పాయింటుగా రాసి కొట్టేశాను. మాత్రల మాట కలిపితే దేవుని పని చిన్నదవుతుందేమో అనిపించింది.

"ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడు" అని ముగించాను. హాలంతా స్తోత్రం చెప్పింది. ఒక ముసలామె వచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. నేను ఆడినదాంట్లో అబద్ధం ఒక్క మాట లేదు. ఆ రోజంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

ఆ బుధవారం గదిలో అట్ట చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పూర్తిగా బాగయ్యానని రెండొందల మంది ముందు చెప్పాను. బాగయితే ఈ మాత్రలెందుకు? వేసుకుంటే ఆ మాట అబద్ధమవుతుంది కదా? చదువుకున్నవాణ్ణి, నా లెక్క నాకు తిన్నగానే కనిపించింది. మాత్రలు నొక్కి తీసి గది వెనక కాలవలో వేశాను. శుక్రవారమూ అంతే. సోమవారం మాత్రం బాబాయ్ ముందు మింగేవాణ్ణి. ఏప్రిల్ చివర్లో ఊళ్ళు తిరిగే పనుందని బాబాయ్‌కి చెప్పి ఆరు వారాల అట్టలు ముందే తీసుకున్నాను. వాటిలో ఒక్కటీ మింగలేదు. కార్డు మీద టిక్కులు మాత్రం వరుసగా పడ్డాయి. అమ్మ ఫోనులో "మందులేసుకుంటున్నావా నాన్నా" అంటే "ఆఁ" అనేవాణ్ణి.

జూన్‌లో అడవులదీవి వెళ్ళాను. అక్కడ నాగరత్నమ్మగారని ఎండుచేపలు అమ్మే ఆవిడ ఉండేది. ఆవిడ పాట అందుకుంటే నా మైకు అవసరం ఉండేది కాదు. జనవరి నుంచి ఆవిడా ఇదే జబ్బుకి ఇవే మందులు వాడుతోంది. ఆ రోజు పాట అందుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. ప్రార్థన అయ్యాక ఆవిడ టీ పెట్టడానికి లేచినప్పుడు, వలల పక్కన ఎర్ర డబ్బా కనిపించింది.

"మాత్రలు ఇన్ని మిగిలిపోయినయ్యేంటండి?"

"మానేశానుగా అయ్యగారూ. నెలపైనే అయింది. దగ్గరుండి మింగించే అంగన్‌వాడీ టీచరమ్మ డబ్బా ఇక్కడే ఉంచింది, తను వచ్చినప్పుడల్లా ఊళ్ళో లేనని చెప్పిస్తున్నా."

"ఎందుకండి?"

"బాపట్లలో మీ సాక్ష్యం విన్నప్పటినుంచీ, ఇంకా అయ్యి మింగుతుంటే నమ్మకం లేనట్టే కదా అని మనసు పీకుతూనే ఉందండి. మీరు మాత్రల మాటే ఎత్తలేదుగా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. టీలో పంచదార సరిపోయిందా అని అడిగినట్టే చెప్పింది. బయట వల బాగుచేసుకుంటున్న ఆవిడ భర్త తల ఎత్తకుండానే అన్నాడు. "నేను చెబితే వింటుందా అండి? మీరు చెప్పారని మానేసింది. మీరే చెప్పండి ఏదైనా."

టీ గ్లాసు కింద పెట్టాను. పది రోజులుగా సాయంత్రాలు నాకూ జ్వరం వస్తోంది. ఈసారి కూడా వేర్వేరు పేజీల్లోనే రాసుకుంటున్నాను.

"నేనూ మానేశానండి," అన్నాను. "దేవుడు మానమని చెప్పలేదు. నేనే మానేశాను. నాకు మళ్ళీ జ్వరం వస్తోంది. ఆ రోజు నేను చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది, మాత్రల వల్లే తగ్గింది."

"అయితే ఇద్దరం దొంగలమేనా అయ్యగారూ," అని ఆవిడ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతసేపు సాగిందో ఇప్పటికీ చెప్పగలను.

మర్నాడు పొద్దున్న బస్సులో భార్యాభర్తలిద్దరినీ రేపల్లె ఆసుపత్రికి తీసుకొచ్చాను. ఆవిడ స్పూటమ్ నెగటివే వచ్చింది. మానిన చోటి నుంచి కొనసాగించమన్నారు. నాది పాజిటివ్. డాక్టరుగారు నా కార్డు అటూ ఇటూ తిప్పారు.

"టిక్కులన్నీ ఉన్నాయే. ఎన్ని డోసులు మింగలేదు?"

"ముప్పై రెండు సార్." ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కేటగిరీ టూ. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు మాత్రలతో పాటు ఇంజెక్షన్, మొత్తం ఇరవై నాలుగు. ఈసారి డిఫాల్ట్ అయితే, అంటే మధ్యలో మానేస్తే, నీకిక్కడ ఇవ్వడానికి నా దగ్గర మందు లేదు."

కొత్త మందులతో ఇచ్చిన నీలం డబ్బా పట్టుకుని మస్తాన్ బాబాయ్ కొట్టుకి వెళ్ళాను. ఆయన కాలరు కుడుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. కుట్టు చివరిదాకా వెళ్ళేవరకు మిషను ఆపలేదు. దారం తెంపి, లేచి, టేపు తీసుకుని నా ఛాతీ చుట్టూ వేశాడు.

"ముప్పై మూడు. నేను ఖాళీ అట్టలు చూసి టిక్కులు పెట్టాను. మనిషిని చూడాల్సింది."

"తప్పు నాది బాబాయ్."

"నీదే. నాదని ఎవరన్నారు? చెయ్యెత్తు, టేపు సరిగ్గా పడలేదు."

మళ్ళీ కొలిచి పుస్తకంలో రాశాడు. నీలం డబ్బాని ఎర్ర డబ్బా ఉన్న చోటే పెట్టాడు. "ఇక అట్ట గడప దాటదు. ఎన్ని మాత్రలున్నా ఇక్కడే," అన్నాడు. ఆ తరువాత రెండు వారాలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నీళ్ళ గ్లాసు ఇవ్వడం, నోట్లోకి చూడడం, అంతే. ఇంజెక్షన్ కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. మూడో వారం ఒకరోజు మాత్రలు మింగి బయటికి వస్తే నా సైకిల్ సీటుకి దూది కూరిన మెత్తని తొడుగు ఉంది. పూల పూల గుడ్డ, ఎవరిదో పరికిణీలో మిగిలిన ముక్క.

"సూది పొడిపించుకుని సైకిల్ ఎలా తొక్కుతున్నావో చూస్తున్నాగా," అన్నాడు లోపలి నుంచి. "ఊళ్ళో అందరూ నవ్వుతారు. నవ్వనీ."

పెద్దయ్యగారికి నేనే వెళ్ళి చెప్పాను. పని నుంచి తీసేస్తారనుకున్నాను. ఆయన అంతా విని, "సాక్ష్యం సగమే చెప్పావు నాయనా. మిగతా సగం ఈ నెల కూడికలో చెప్పు," అన్నారు.

జులైలో అదే హాల్లో, అదే మైకు ముందు నీలం డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కొట్టేసిన ఆరో పాయింటు చదివాను. కాలవలో వేసిన మాత్రల సంగతి చెప్పాను. నా మాట విని ఒకరు మందు మానేశారని, పేరు చెప్పకుండా, చెప్పాను. స్తోత్రం ఎవరూ అనలేదు. మధ్యలో మైకు కూత పెట్టింది. అలవాటు కొద్దీ వంగి సరిచేశాను. ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా ధైర్యమిచ్చింది.

కూడిక అయ్యాక ఇద్దరు విడివిడిగా నా దగ్గరికి వచ్చారు. ఒకాయన షుగరు మాత్రలు మానేశాడట. ఇంకొకామె కూతురికి ఫిట్సు మందు ఆపేసింది. "అయ్యి కూడా వేసుకోవాలాండి?" అని అడిగింది ఆమె. వేసుకోవాలండి, రేపే ఆసుపత్రికి వెళ్ళండి అన్నాను. మొదటి సాక్ష్యానికి స్తోత్రాలు వచ్చాయి. రెండోదానికి ఈ ఇద్దరు వచ్చారు.

నా ప్రార్థన అప్పుడే మారింది. అంతకుముందు ఈ మాత్రల నుంచి విడిపించమని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఏడు మాత్రలూ అరచేతిలో పెట్టుకుని, వాటిని తయారుచేసినవాళ్ళ కోసం, మోసుకొచ్చినవాళ్ళ కోసం, నీళ్ళు ముంచి ఇచ్చే ఆ చెయ్యి కోసం స్తోత్రం చెప్పేవాణ్ణి. నా విశ్వాసం తగ్గిందని ఒకరిద్దరు అన్నారు. నాకు మాత్రం అది మొదటిసారి నేల మీద కాళ్ళు ఆనించి నిలబడ్డట్టు అనిపించింది.

రంజాన్ నెల వచ్చింది. బాబాయ్ పెదాలు ఎండిపోయి ఉండేవి. ఆయన ముందు నీళ్ళు తాగడానికి మొహమాటపడి గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళబోయాను.

"ఎక్కడికి?"

"మీరు ఉపవాసం కదా బాబాయ్."

"నా ఉపవాసం నాది, నీ మాత్ర నీది. ఒకసారి నమ్మి మోసపోయా. ఇటు తిరిగి తాగు."

నాగరత్నమ్మగారి డబ్బా నాకంటే ముందే ఖాళీ అయింది. ప్రతి బుధవారం అడవులదీవి వెళ్ళేవాణ్ణి. "నేను మింగానండి, మరి మీరో?" అనేది. పొద్దున్నే మింగి వచ్చానంటే, "ఎవరు చూశారు?" అనేది. మస్తాన్ బాబాయ్ చూశాడంటే, "అయితే నమ్ముతా. మిమ్మల్ని కాదు, ఆయన్ని," అనేది. బాపట్ల కూడికకి ఆవిడ ఖాళీ డబ్బాని చేపల బుట్టలో పెట్టుకునే వచ్చి, కంపు కొడితే ఏమనుకోవద్దని చెప్పి, తన సాక్ష్యం చెప్పింది. తరువాత పాట అందుకుంది. నేను మైకు కట్టేశాను.

2007 ఫిబ్రవరిలో నా ఆఖరి డోసు అయింది. స్పూటమ్ నెగటివ్. డాక్టరుగారు కార్డు మీద క్యూర్డ్ అని రాసి, "ఇప్పుడు చెప్పుకో ఎవరికైనా," అన్నారు.

రెండేళ్ళు దాటింది. ఇంకా అవే ఊళ్ళు తిరుగుతున్నాను, సైకిల్ సీటుకి అదే పూల తొడుగు. నా గదిలో యాంప్లిఫయర్ పక్కన ఇప్పుడు ఇదే జబ్బున్న ఇద్దరి పేర్లతో రెండు డబ్బాలున్నాయి. వాళ్ళు నా ముందు మింగుతారు. నేను అట్టల్ని చూడను, మనుషుల్ని చూస్తాను. పోయిన క్రిస్మస్‌కి బాబాయ్ పుస్తకంలో నా ఛాతీ ముప్పై ఆరున్నర. కరగాల్సింది ఇప్పుడు పొట్టేనట.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మాత్ర ఒంటరిగా మింగకండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. సులువుగా నమ్మే మనిషిని కాదు, అబద్ధం చెప్పాక మీరు ఎవరి కళ్ళలోకి చూడలేరో ఆ మనిషిని వెతుక్కోండి. మీరు మింగడం చూశాక కూడా ఆ మనిషి నోరు తెరవమంటే, తెరవండి.