మైకు మేస్త్రి గారికి నేను మర్యాద నేర్పిన వైనం

ఎం.బి.ఏ. పట్టా చేతికొచ్చిన కొత్తలో నాకు లోకంలో రెండు జాతుల మనుషులే కనిపించేవారు. నేను మార్చేసినవాళ్ళు, నేనింకా మార్చవలసినవాళ్ళు. మొదటి జాబితాలో ఒక్కరూ లేరు. రెండో జాబితాలో మా అమ్మతో మొదలుపెట్టి నిడదవోలు జంక్షన్లో టీ అమ్మే ఆయన దాకా అందరూ ఉండేవారు. ఇంతటి సంస్కర్తకి ఉద్యోగమిచ్చే ధైర్యం ఏ కంపెనీకీ లేకపోవడంతో ఆ సాహసం మా మేనమామే చేశాడు. మావయ్యది పెళ్ళిళ్ళకి వంటలు చేయించే వ్యాపారం. నాకు మేనేజరు అనే పేరు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, సామాన్ల గది తాళంచెవి ఇచ్చాడు. (ఆ గదికి ఇంకో తాళంచెవి అత్తయ్య దగ్గరుందని, అసలు రాకపోకలన్నీ దానితోనే జరుగుతాయని చాలాకాలం వరకు నాకు తెలియనివ్వలేదు.)

వ్యాపారం పేరుకి మావయ్యదే గాని నడిపేది మైకు మేస్త్రి గారు. వంటవాళ్ళందరికీ ఆయన పెద్ద. మనిషి ఐదడుగులు, గొంతు యాభై అడుగులు. ఆయన నిడదవోలులో ఉప్పు అడిగితే తణుకులో ఎవరో అందించేవారని చెప్పుకునేవారు. స్టేషను పక్క కల్యాణమండపంలో ఒకసారి ఆయన "దించండ్రా!" అని పొయ్యి మీది గుండిగ గురించి కేక వేస్తే, ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న పాసింజరు రైల్లోంచి నలభైమంది పెట్టే బేడా దించేశారు. (మావయ్య లెక్కలో ఇద్దరే. ఆయనకి మొదట్నుంచీ ఏదైనా తగ్గించి చెప్పడం అలవాటు.) వంట మొదలైందంటే ఆఖరి బంతి లేచేదాకా ఆ నోరు ఆగేది కాదు. "ఒరేయ్ పప్పు బాబాయ్, సన్నాసీ, మావిడికాయ పడిందా? పడితే పడిందని ఏడు, నీ మొహం చూసి పోల్చుకోడానికి నేనేవన్నా సోదె చెప్తానా? ఏవే బూరెల పిన్నీ, ఆ వాయి తియ్యి, తియ్యవే మహాతల్లీ, అవి బూరెలా బొగ్గులా! దప్పళంలో ఉప్పు పడిందర్రోయ్, మళ్ళీ ఎవడన్నా వేశాడంటే వాణ్ణే వేస్తాను అందులో!" ఇదంతా ఒక్క గుక్కలో. నన్ను మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనేవారు కాదు. యజమాని మేనల్లుణ్ణి గదా, నాతో అన్నీ అండీలే. నేను పొయ్యికి అడ్డంగా నిలబడినా "బాబుగారూ, కాస్త పక్కకండి, కాలతారు" అనేవారు.

అప్పుడే మావయ్యకి ఎవరో స్నేహితుడు రాజమండ్రిలో ఒక హోటల్లో నాయకత్వ శిక్షణ ఉందని చెబితే, నన్ను మూడు రోజులు పంపించాడు. అక్కడ టై కట్టుకున్న ఒక పెద్దమనిషి, బోర్డు మీద బాణాలూ గుండ్రాలూ గీసి మాకు జ్ఞానోదయం కలిగించారు. మంచి నాయకుడు ఆజ్ఞాపించడు, అడుగుతాడు. సమాధానం చెప్పడు, ఎదుటివాడిలోంచే రప్పిస్తాడు. అరిచేవాడు పాతకాలపు బాసు, అడిగేవాడు కొత్తకాలపు కోచ్. ప్రతి మనిషీ తన పనికి తానే యజమాని అయిననాడు సంస్థ దానంతటదే పరుగెడుతుంది. నేను ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనంలో పప్పు చప్పగా ఉందని పక్కవాళ్ళు గొణిగారు గాని, జ్ఞానం ఆకలిని జయించిన క్షణాలవి.

తిరిగొచ్చిన మర్నాడే మా పెరట్లో రేకుల షెడ్డు కింద కుర్చీలు గుండ్రంగా వేయించి సిబ్బంది సమావేశం పెట్టాను. మావయ్య నిలబడి ఉన్నాడని ఒక్కరూ కూర్చోలేదు. వాళ్ళు కూర్చోలేదని మావయ్యా కూర్చోలేదు. తొమ్మిది ఖాళీ కుర్చీలకి నేను మార్పు ఆవశ్యకత గురించి ముప్పావుగంట చెప్పాను. చివర్లో "మీలో ఎవరికి ఏ మార్పు కావాలో మొహమాటం లేకుండా చెప్పండి" అన్నాను.

"నాకు మోకాళ్ళు మార్పించాలి బాబూ" అంది బూరెల పిన్ని.

తర్వాత మేస్త్రి గారిని పక్కకి పిలిచాను. అరవకూడదు, తిట్టకూడదు, ఒరేయ్ తరేయ్ అసలే కూడదు, అందరినీ గారూ అనాలి, ఏది చెప్పాలన్నా ప్రశ్నలాగే అడగాలి అని వివరించి, నాలుగు ప్రశ్నలు రాసిన అట్టముక్క చేతికిచ్చాను. మీకేమనిపిస్తోంది? మీ ముందున్న దారులేంటి? ఇందులో మీరు నేర్చుకున్నదేంటి? నా నుంచి ఏం సాయం కావాలి? ఆయనకి కళ్ళజోడు లేదు. నాచేత రెండుసార్లు చదివించుకుని అట్టముక్క నాకే తిరిగిచ్చేశారు.

"కొవ్వూరు షావుకారు గారింటి పెళ్ళికి ఇలాగే చేస్తానండి బాబుగారూ. నా నోరు లేకుండా వెయ్యిమందికీ వంట అయిపోతే మరి నేనెందుకండి? పట్టిసీమలో మా చెల్లెలు ఎప్పట్నుంచో వచ్చి ఉండమంటోంది. ఈ పెళ్ళితో మానేస్తానండి."

మావయ్య మొహం తెల్లబోయింది. మేస్త్రి గారు అటు వెళ్ళగానే "ఒరేయ్, ఆయన మానేస్తే నేను గుండిగలన్నీ బోర్లించుకుని వాటిమీద కూర్చోవాలిరా" అన్నాడు. "పాతతరం గౌరవంగా తప్పుకోవడం కూడా మార్పులో భాగమే మావయ్యా" అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నా చెంప పగలగొట్టని మావయ్య సహనానికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

పెళ్ళి రోజు రానే వచ్చింది. పగటి ముహూర్తం, పదకొండున్నరకి మొదటి బంతి. తెల్లారేసరికే గాడిపొయ్యిలు రాజుకున్నాయి. అంతా ఉంది, చప్పుడే లేదు. పరీక్ష హాల్లో వంట చేస్తున్నట్టుంది. మేస్త్రి గారు చేతులు వెనక్కి కట్టుకుని, కొత్తపెళ్ళికొడుకులా అడుగులో అడుగేసుకుంటూ, పప్పు బాబాయ్ దగ్గరికెళ్ళి వంగి, "బాబాయ్ గారూ, ఈ పప్పు విషయంలో మీకేమనిపిస్తోందండి?" అన్నారు. పప్పు బాబాయ్ చేతిలో గరిటె జారిపోయింది. ఇరవయ్యేళ్ళుగా ఒరేయ్, సన్నాసీ తప్ప గారూ అన్న పిలుపెరగని మనిషి, పాపం. "మా ఇంటి దగ్గర్నుంచి కబురేవన్నా వచ్చిందా మేస్త్రి గారూ? ఉన్నదున్నట్టు చెప్పండి, తట్టుకుంటాను" అని నేలమీద కూలబడ్డాడు. బూరెల పిన్ని సంగతి మరీను. "పిన్నిగారూ, నా నుంచి ఏం సాయం కావాలండి?" అనగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు లంకించుకుంది. "నన్ను పన్లోంచి తీసేస్తున్నారా అన్నయ్యా? నేనేం తప్పు చేశాను? పోనీ తిట్టైనా చెప్పచ్చు గదా!" ఆ ఏడుపులో ఒక వాయి బూరెలు నిజంగానే బొగ్గులయ్యాయి. నేను దూరం నుంచి ఇదంతా చూస్తూ, సిబ్బందిలో భావోద్వేగాలు బయటికొస్తున్నాయి, శుభసూచకం అని పుస్తకంలో రాసుకున్నాను.

పదకొండు గంటలకి దప్పళం రుచి చూశాను. బంగాళాఖాతం! ఎక్కడో సముద్రం పొంగి గోదావరి మీదుగా ఎదురొచ్చి మా గుండిగలో పడినట్టుంది. విచారిస్తే తేలిందేమిటంటే, దప్పళం చేసే ఆయన ఉప్పు వేశాడు. పడిందన్న కేక వినపడలేదు గనక పడలేదనుకుని పులిహోర చేసే ఆయన వేశాడు. తన పనికి తానే యజమాని కావాలని నేను చెప్పాను గనక పప్పు బాబాయ్ కూడా వచ్చి వేశాడు. (నాలుగో చెయ్యి నాది. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ దగ్గరే ఉంచండి.) పులిహోరలో మాత్రం ఎవరూ వెయ్యలేదు. పులిహోర ఆయన దప్పళం దగ్గరికి వెళ్ళాడు గదా.

ఈ దిగులులో ఉండగానే మొదటి బంతి కూర్చుంది. మూడొందల ఆకులు పరిచారు, నీళ్ళు జల్లుకున్నారు, తుడుచుకున్నారు. వడ్డించేవాళ్ళు ఇరవైమంది పక్క షామియానాలో బకెట్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఎవరూ కదలరు. వాళ్ళు కదిలేది మేస్త్రి గారి కేక మీద. మేస్త్రి గారేమో పొయ్యిల దగ్గర నిలబడి, నేను నేర్పిన గొంతుతో, "వడ్డన మొదలుపెడితే బాగుంటుందేమో, మీ అభిప్రాయం ఏంటండి?" అని మూడుసార్లు అడిగారట. అటువైపు సన్నాయి మేళం, డోలు. ఆ డోలు మధ్య ఆ మర్యాద ఎవరికి వినపడుతుంది? పావుగంట గడిచింది. కొందరు ఆకులు తిప్పి మళ్ళీ కడిగారు. పెళ్ళికూతురి తండ్రి, కొవ్వూరు షావుకారు గారు, ఉత్తరీయం సర్దుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"ఏవండీ మేనేజరు గారూ, మావాళ్ళు ఆకులు నమలడం మొదలెట్టమంటారా, ఇంకేవన్నా వస్తుందా?"

నేను పరుగెత్తాను. మేస్త్రి గారు బోర్లించిన గంగాళం మీద కూర్చుని తలపాగా తీసి విసురుకుంటున్నారు.

"మేస్త్రి గారూ, బంతి కూర్చుందండి! వడ్డన కదల్లేదు, దప్పళం ఉప్పు కషాయం, ఏంటి దారి?"

ఆయన నావైపు చల్లగా చూశారు. "మీకేమనిపిస్తోందండి బాబుగారూ?"

"నాకేం తోచట్లేదండి!"

"మీ ముందున్న దారులేంటండి?"

"దారులు కాదండీ బాబూ, మీరు అరవాలండి!"

"అరిస్తే పాతకాలం అవుతుందేమోనండి. ఇందులో మీరు నేర్చుకున్నదేంటండి?"

అంతలో మావయ్య వచ్చాడు. చేతులు నలుపుకుంటూ మేస్త్రి గారి వంకే చూస్తున్నాడు. ఆ చూపులో, ఈ మనిషి రేపట్నుంచి ఉండడన్న భయం తప్ప ఇంకేమీ లేదు. పుస్తకం పక్కన పడేసి చేతులు జోడించేశాను. "తిట్టండి మేస్త్రి గారూ. మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి. ముందు నన్నే మొదలుపెట్టండి."

ఆయన లేచారు. తలపాగా చుట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుకే మేళం ఆగిపోయింది.

"ఒరేయ్ మేనేజరూ! దున్నపోతులా నిలబడ్డావేంట్రా, ఆ నెయ్యి గిన్నె పట్టుకుని బంతిలోకి ఫో! వడ్డన కదలండర్రోయ్, చచ్చారా బతికారా! పప్పు సన్నాసీ, లేవరా, మీ ఇంట్లో అందరూ గుండ్రాయిల్లా ఉన్నారు! ఇంకో గుండిగలో చింతపండు పులుసెక్కించండి, గుమ్మడికాయలు నాలుగు కొయ్యండి, బెల్లం దంచండి, ఉప్పుదాన్ని అందులో కలిపి ఒక దప్పళం రెండు దప్పళాలు చెయ్యండి! పులిహోరలో ఉప్పు చల్లి కలపండి! పిన్నీ, ఏడుపాపవే మహాతల్లీ, నిన్ను తీసే మొనగాడు ఇంకా పుట్టలేదు!"

గోదావరి అవతల రాజమండ్రిలో కూడా ఎవరో వడ్డన మొదలుపెట్టి ఉంటారు. రెండు నిమిషాల్లో మూడొందల ఆకుల్లో పప్పు పడింది. బూరెల పిన్ని కళ్ళు తుడుచుకుని నవ్వుతూ వాయి దించింది. దప్పళం రెండో బంతికి అందింది. మూడో బంతిలో షావుకారు గారి బావమరిది మళ్ళీ అడిగి వేయించుకున్నారు. నేను ఆ రోజు ఆఖరి బంతి దాకా నెయ్యి వడ్డించాను. ఎక్కువ వేస్తే తిట్లు, తక్కువ వేస్తే ఇంకా ఎక్కువ తిట్లు.

అందరూ లేచాక మేము భోజనానికి కూర్చున్నాం. మేస్త్రి గారు నా పక్కన ఆకు వేయించుకున్నారు. నేను తల దించుకుని, "మానెయ్యకండి మేస్త్రి గారూ" అన్నాను. ఆయన పప్పన్నం కలుపుకుంటూ చాలా నెమ్మదిగా మాట్లాడారు. ఆయనకి అసలు గొంతొకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"నాకు పని నేర్పినాయన గరిటెతో కొట్టేవారండి బాబూ. కాలిన గరిటె. నేను మేస్త్రీనయ్యాక ఎవర్నీ కొట్టకూడదనుకున్నానండి. కొట్టకుండా ఇంతమందిచేత పని చేయించాలంటే నోరొకటే మిగిలింది. అదే పెద్ద మార్పనుకున్నా. మీరొచ్చి అదీ వద్దన్నారు." కాసేపు తిన్నారు. "పొద్దున్న మానేద్దామనే వచ్చానండి. కానీ ఇన్నేళ్ళలో నన్ను తిట్టమని చేతులు జోడించినవాడు మీరొక్కరే. అలాంటివాణ్ణి మధ్యలో వదిలేసి పోతే పాపం కదండీ. పోనీ, నా తిట్లలో మరీ బాగోనివి ఏవన్నా ఉంటే చెప్పండి, తీసేస్తాను."

నేను ఉత్సాహంగా పుస్తకం తీసి అందరినీ అడిగాను. సన్నాసీ అన్నది తీసేద్దామా అంటే పప్పు బాబాయ్ ఒప్పుకోలేదు. "అది నాదండి, అది ఉండనివ్వండి" అన్నాడు. మహాతల్లిని ముట్టుకుంటే పిన్ని ఊరుకోనంది. చివరికి ఒక్క తిట్టూ తియ్యకుండానే సమావేశం ముగిసింది. ఆ సమావేశంలో అందరూ కూర్చున్నారు.

తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళు చేశారాయన. అరిచి అరిచి చివరికి ఆ గొంతు అరిగిపోయింది. గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని రాజమండ్రి డాక్టరు గారు భయపెట్టారు. అయినా పట్టిసీమ వెళ్ళలేదు. నా ప్లాస్టిక్ కుర్చీ గాడిపొయ్యిల పక్కన వేయించుకుని కూర్చునేవారు. నేను ఆయన నోటిదగ్గర చెవి పెట్టి వంగి నిలబడేవాణ్ణి. ఆయన గుసగుసగా చెప్పేవారు, నేను పెళ్ళివారందరికీ వినపడేలా అరిచేవాణ్ణి. పప్పు బాబాయ్ తిట్లు పప్పు బాబాయ్‌కి, పిన్ని తిట్లు పిన్నికి, అక్షరం తప్పకుండా అందించేవాణ్ణి. మధ్యమధ్య నా మీద తిట్లు కూడా వచ్చేవి. ఆయన మాట తప్పించడం ధర్మం కాదు గదా, నిండు పందిట్లో, ముప్పయ్యేళ్ళు దాటిన మేనేజర్ని, గొంతు చించుకుని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని, "ఇంకాస్త గట్టిగా" అన్నట్టు చెయ్యి ఊపేవారు.