జోసెఫ్ ఎంచిన ఇసుక

పెనుకొండ జూనియర్ కాలేజీలో జోసెఫ్ జువాలజీ ల్యాబు అటెండరు. పదో తరగతి తప్పాక ముదిగుబ్బ దగ్గర వాళ్ల నాయన గొర్రెల వెంట మూడేళ్లు తిరిగాడు. ఆ తర్వాత ఈ ల్యాబులో చేరి పదకొండేళ్లయింది. కప్పలు పట్టుకొచ్చేవాడు, మందులో ఊరే పాముల సీసాల దుమ్ము తుడిచేవాడు. ఉద్యోగం మాత్రం పర్మినెంటు కాలేదు.

2003 జనవరిలో ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది. వచ్చే జూన్‌లో బైపీసీలో పదిహేనుమందైనా చేరకపోతే గ్రూపు ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. గ్రూపు పోతే ల్యాబు ఉండదు. ల్యాబు లేకపోతే జోసెఫ్‌తో పని ఏముంది?

జువాలజీ లెక్చరరు హనుమంతరాయుడు సార్‌కి అప్పుడు ఒక ఆలోచన తట్టింది. "ఈ చుట్టుపక్కల పిల్లోళ్లలో సముద్రం చూసినోళ్లు ఎంతమంది ఉండారబ్బా? మనమే ఈడికి తెచ్చి చూపిస్తాం. పదో తరగతి పిల్లోళ్లందరూ వచ్చి చూస్తే మన గ్రూపులో చేరకుండా యాడికి పోతారు?" అన్నాడు. నాలుగడుగుల గాజు తొట్టి చేయించాడు. నీళ్లలో కలిపితే సముద్రపు నీరయ్యే ఉప్పు కోసం, చేపల కోసం బెంగళూరు బయల్దేరుతూ, తొట్టి అడుగున పరిచే ఇసుక చూసే పని జోసెఫ్‌కి అప్పజెప్పాడు.

జోసెఫ్ రెండు రకాలు తెచ్చాడు. ఒకటి పెన్న ఇసుక. రెండోది హిందూపురంలో కోళ్ల దాణా అంగట్లో దొరికే ఆల్చిప్పల నూక, గుడ్డు పెంకు గట్టిపడాలని మేతలో కలిపేది. ఏది మంచిదో తేలక, హిందూపురం బస్టాండు పక్కన రంగు చేపలమ్మే దాసప్పను అడిగాడు.

"దానికేముందప్పా! ఒక బొట్టు యాసిడ్ వేసి చూడు. బుసబుస పొంగిందంటే అది పనికిరాదు. సున్నం దిగి నీళ్లు చెడతాయి" అన్నాడు దాసప్ప. ఆయన అమ్మేవన్నీ మంచినీటి చేపలు. తనది ఉప్పునీటి తొట్టి అని జోసెఫ్ చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు.

ల్యాబుకొచ్చి యాసిడ్ వేశాడు. ఆల్చిప్పల నూక పాలలా పొంగింది. పెన్న ఇసుక ఉలకలేదు, పలకలేదు. నూక బస్తా మూతి కట్టి బీరువా వెనక తోసేసి, ఇసుకను ఏడుసార్లు కడిగి తొట్టిలో పరిచాడు.

ఫిబ్రవరి చివర్లో ఐదు చేపలు వచ్చాయి. నారింజ రంగు ఒళ్లు, దానిమీద తెల్లటి పట్టీలు. చుట్టుపక్కల బళ్ల నుంచి పిల్లలు వరసలు కట్టి వచ్చి గాజుకు ముక్కులానించి చూశారు. "ఈ గ్రూపులో చేరితే రోజూ చూడొచ్చా సార్?" అని ఒక పిల్ల అడిగినప్పుడు జోసెఫ్‌కి ఒళ్లంతా తేలికైంది.

ఏప్రిల్ వచ్చేసరికి చేపలు మేత వదిలేశాయి. రెక్కలు ముడుచుకుని ఒక మూలకు చేరాయి. సార్ నీళ్లలో పరీక్ష కాగితం ముంచి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"నీళ్లల్లో పులుపు పెరిగిపోతా ఉండాది. సముద్రపు చేపకి సున్నముండే అడుగు గావాల. అది కొంచెం కొంచెం కరిగి నీళ్లని నిలబెడతాది. నువ్వు రెండు రకాలు తెచ్చినావు కదా, యాసిడ్ వేస్తే ఏదీ పొంగలేదా?"

జోసెఫ్ బీరువా వైపు ఒకసారి చూశాడు. "ఏదీ పొంగలేదు సార్" అన్నాడు.

మర్నాడే సార్ పేపర్లు దిద్దే డ్యూటీకి అనంతపురం వెళ్లాడు. నాలుగు రోజుల్లో వస్తాడు. ఆలోగా నూకతో అడుగు మార్చేస్తే అబద్ధం కూడా అడుగునే పడి ఉంటుందని జోసెఫ్ అనుకున్నాడు. బస్తా విప్పి చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా తెల్లటి పిండి అంటుకుంది. కడగాలి, బాగా కడగాలి. కాలేజీ బోరు మార్చిలోనే ఎండిపోయింది. వీధికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వస్తోంది.

ఇంట్లో నాలుగు బిందెలున్నాయి. భార్య రాణి వాటిమీద తడిగుడ్డ కప్పి కాపలా కాస్తోంది.

"రెండు బిందెలియ్యి రాణీ. చేపలు సచ్చిపోతాండాయి."

"తాగే నీళ్లతో చిప్పలు కడుగుతావా? ట్యాంకరు ఎల్లుండి గదా వచ్చేది! పిల్లోళ్లకి ఏం పోసేది? అవ్వకేం పోసేది? ఏం మనిషివయ్యా నువ్వు!"

"ఉద్యోగం పోతాది, అర్థం చేసుకో."

"నీళ్లు లేకుంటే పానమే పోతాది."

మధ్యాహ్నం ఆమె రేషను అంగడికి వెళ్లింది. జోసెఫ్ రెండు బిందెలు సైకిలుకు కట్టాడు. గడప దగ్గర మంచం మీదున్న రాణి అవ్వ చూసింది. "నాయనా, ఒక గుక్కెడు పోసి పో" అంది. ఆమెకు చెంబు నిండా పోసి, ఆమె తాగుతుంటే కళ్లెత్తి చూడలేక, సైకిలెక్కాడు.

రెండు బిందెలు ఏ మూలకు? మూడోసారి కడిగేసరికి నీళ్లయిపోయాయి. అప్పటికీ నూక నుంచి పాలు కారుతూనే ఉన్నాయి. ఆగి ఉండాల్సింది. ఆగలేకపోయాడు. గ్లాసుతో ఇసుక తోడేస్తుంటే ఇన్నాళ్లూ కింద పేరుకున్న కుళ్లంతా నల్లగా పైకి లేచింది. దానిమీద నూక పోశాడు. నిమిషంలో తొట్టి మజ్జిగలా తెల్లబడింది. చేపలు కనబడలేదు.

చొక్కా విప్పి, గుడ్డలో నీళ్లు వడగట్టి మళ్లీ తొట్టిలో పోయడం మొదలుపెట్టాడు. భుజాలదాకా చేతులు పెట్టి తడిమాడు. "ప్రభువా, ఒక్కటన్నా, ఒక్కటన్నా" అని గొణుక్కుంటూనే ఉన్నాడు. ముందు ఒక చేప నోరు తెరుచుకుని పైకి తేలింది. గాలిపంపు గొట్టం దాని నోటి దగ్గర పెట్టాడు. అది ఆ బుడగల్లోనే పక్కకు ఒరిగింది. పొద్దు వాలేసరికి మూడు పోయాయి. రెండు మిగిలాయి.

ఇంటికెళితే రాణి పిల్లలకు సంగటి పెడుతోంది. ఎవరింటినుంచో అరువు తెచ్చిన బిందె తలుపు వెనక ఉంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది జోసెఫ్‌కి.

సార్ రాగానే ఎదురెళ్లి చెప్పేశాడు. "నూక పొంగింది సార్. నేనే దాన్ని పక్కన పెట్టినా. మీకు అబద్ధం చెప్పినా."

హనుమంతరాయుడు సార్ తొట్టిలోకి వంగి చూశాడు. "ఆ పొద్దే చెప్పింటే, సగం సగంగా మార్చుకుందుము గదప్పా" అన్నాడు. ఆయన కోప్పడకపోవడమే జోసెఫ్‌ను ఎక్కువ కుంగదీసింది.

మిగిలిన రెండూ మే నెల దాటలేదు. జూన్‌లో తొమ్మిదిమంది చేరారు. గ్రూపు ఎత్తేశారు. సార్‌ను మడకశిరకు మార్చారు. జోసెఫ్‌ను పనిలో ఉంచుతామని ఏ కాగితమూ రాలేదు.

చివరి రోజు ఇద్దరూ తొట్టి ఖాళీ చేశారు. కాలేజీలో ఎండిపోతున్న నాలుగు వేపమొక్కలున్నాయి, వాటికి పోయడానికి లేదు. పశువులకు పెట్టడానికి లేదు. బకెట్లతో మోసుకెళ్లి రోడ్డుమీద పారబోస్తుంటే, బిందె పట్టుకుని పోతున్న ఎదురింటి మారక్క కేక వేసింది.

"అయ్యో, ఏమబ్బా! మీకు పాపం తగల్దా? నీళ్లు రోడ్డున పోస్తారా?"

"ఉప్పునీళ్లక్కా" అన్నాడు జోసెఫ్.

ఆమె నమ్మలేదు. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. థూ అని ఉమ్మి, బిందె చంకకెత్తుకుని ట్యాంకరు వచ్చే వీధి వైపు గబగబా వెళ్లిపోయింది. జోసెఫ్ రెండో బకెట్టు కోసం లోపలికి నడిచాడు.