పిల్ల గొంతు ఇంతేనన్న టీచరమ్మగారు

మా అమ్మాయికి సంగీతం నేర్పిన టీచరమ్మగారు మొన్న తెల్లవారుజామున రేపల్లెలో కన్నుమూశారు. ఆ కబురు చెరుకుపల్లికి మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. "మీ టీచరమ్మగారు పోయారు బాబాయ్" అని ఫుట్‌బోర్డు మీద నుంచే చెప్పాడు. ఆ వారమే మా అమ్మాయికి తెనాలిలో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంటింటికీ మిఠాయి పంచి వచ్చాను, ఆ ఆనందం ఇంకా దిగకముందే ఈ కబురు. నేను ఐదో తరగతితో చదువు ఆపిన రైతును. ఇంత సంతోషం, ఇంత దుఃఖం ఒకేసారి ఎలా రాయాలో తెలియదు. వచ్చినట్టు రాస్తాను.

ఒకప్పుడు ఆవిడ కచేరీ అంటే కొల్లిపర వైపు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారట. అరవైల మొదట్లో తెనాలిలో, శ్రీరామనవమి పందిట్లో పాడుతుండగా మైకు ఆగిపోయింది. అప్పటికే ఆవిడకు జ్వరం, గొంతునొప్పి. వెనక కూర్చున్నవాళ్ళు "వినపడట్లేదమ్మా, గట్టిగా!" అని కేకలు వేశారు. ఆవిడ గొంతు పెంచారు. ఇంకా అన్నారు. ఇంకా పెంచారు. చివరిదాకా పాడి, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చేసరికి గొంతు పూర్తిగా జీరబోయింది. మందులతో మాట తిరిగి వచ్చింది గాని, పై స్థాయి స్వరాలు మళ్ళీ రాలేదు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి. పిలుపులు ఆగిపోయాయి. రేపల్లెలో అన్నగారింటి వసారాలో పిల్లలకు పాఠాలు మొదలుపెట్టారు.

"జనం మీద కోపం లేదు బాబాయిగారూ" అన్నారు ఒకసారి నాతో. "ఇక చాలమ్మా, ఆపెయ్ అనేవాళ్ళు ఆ రోజు నా పక్కన ఒక్కరూ లేకపోయారు. అదే నా బాధ."

మా అమ్మాయి లేకలేక కలిగిన పిల్ల. ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళిన రోజు పాట పాడించలేదు. "మీ నాన్న పొలం నుంచి వచ్చాడనుకో. అన్నానికి ఎలా పిలుస్తావు?" అన్నారు. పిల్ల సిగ్గుపడుతూ నా వైపు తిరిగి, "నాన్నా, అన్నానికి రా" అంది. ఆ పిలుపుకు సరిపోయేదాకా తంబురా తీగలు సవరించి, "ఇదీ నీ శ్రుతి. ఎవరడిగినా పెంచకు" అన్నారు. ఎవరు చేరినా అంతే. ఒక పిల్ల తన పిల్లిని పిలిచిందట. దానికీ నవ్వకుండా శ్రుతి కట్టారు.

నాకే లోపల తొందర. "ఇంకొంచెం పెంచి పాడిస్తే రేడియోలోవాళ్ళ లాగా ఉంటుందేమోనమ్మా?" అన్నాను.

"మీ ఎడ్ల మీద అవి లాగగలిగినంతే బరువు వేస్తారు కదండీ. పిల్ల గొంతు మీద ఎందుకండీ ఎక్కువ?" అన్నారు. మళ్ళీ అడగలేదు.

డెబ్బైల్లో బాపట్లలో అమ్మాయి మొదటి కచేరీ. టీచరమ్మగారు వెనక తంబురా పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజుల్లో మైకుల సంగతి తెలిసిందే. రెండో కీర్తనకే మైకు గరగరమని మూగబోయింది. వెనక నుంచి ఒకాయన, "ఏంటమ్మా, టిఫిన్ తినలేదా? గట్టిగా పాడు!" అన్నాడు. జనం నవ్వారు. పిల్ల మెడ నరాలు బిగుసుకున్నాయి. టీచరమ్మగారు తంబురా ఆపి లేచి నిలబడ్డారు.

"తిన్నదండీ, నాలుగిడ్లీలు. మీరే దూరంగా కూర్చున్నారు. ముందుకు జరగండి. పిల్ల గొంతు ఇంతే."

కమిటీ ఆయన పరుగున వచ్చి, "అమ్మా, పెద్దవాళ్ళున్నారు, బాగుండదు" అన్నాడు.

"అయితే ముందు ఆ పెద్దవాళ్ళనే జరగమనండి."

నిజంగానే జరిగారు! చాపలు ఎత్తుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని వేదిక చుట్టూ మూగారు. టిఫిన్ మాట అన్నాయన అందరికంటే ముందు కూర్చుని తాళం వేశాడు. నేనైతే కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, పట్టలేని సంతోషంతో.

ఏడాదిగా ఆవిడకు గొంతులో పుండు. చివరి నెలల్లో మాట పూర్తిగా పోయింది. మంచినీళ్ళు చెంచాతో పోయాల్సివచ్చేది. ఉద్యోగం సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు అమ్మాయి కాళ్ళకు దండం పెట్టింది. ఆవిడ చెయ్యి పిల్ల తల మీద కాదు, గొంతు మీద వేసి చాలాసేపు ఉంచారు. నొప్పితోనే నవ్వారు. ఆ నవ్వు చూడటానికే నేను ఇన్నాళ్ళు బతికాననిపించింది.

మొన్న వసారాలో ఆవిడను పడుకోబెట్టారు. బంధువుల్లో ఒకాయన అమ్మాయితో, "గురువుగారికి ఒక్క కీర్తన పాడమ్మా" అన్నాడు. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు అప్పటికే పూడుకుపోయింది. అయినా పాడబోయింది. మాట పెగల్లేదు. మళ్ళీ బలవంతంగా ఎత్తుకోబోయింది.

"చాలమ్మా. ఇవాళ వద్దు" అన్నాను.

"ఏంటండీ, గురువుకి ఆ మాత్రం చెయ్యదా?" అన్నాడాయన.

"చెయ్యదండీ. ఏమైనా అనాలంటే నన్ను అనండి."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, గోడకు ఆనించి ఉన్న తంబురా ఒళ్ళోకి తీసుకుంది. పాడె లేచింది. నేనూ ఒక కొమ్ము పట్టాను. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ అయిన వసారాలో మా అమ్మాయి పెదవులు మూసుకుని, తీగలు మీటుతూనే ఉంది.