రజితకు చెప్పని జబ్బు

ఎనిమిదేళ్లుగా ఒక అమ్మాయి పేరు నా లోపలే ఉండిపోయింది. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను హసన్‌పర్తిలో ఒక ప్రైవేటు కాలేజీ అమ్మాయిల హాస్టల్‌కు వార్డెన్‌ని. రజిత ఇంటర్ రెండో సంవత్సరం చదివేది. తల్లి లేదు. తండ్రి నర్సంపేట వైపు ఒక పల్లెలో కౌలుకు పత్తి వేసేవాడు. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల తిన్నది కక్కడం మొదలుపెట్టింది. ముద్దకొక గ్లాసు నీళ్లు తాగేది. అయినా కాసేపటికి అన్నం మెతుకు చెదరకుండా బయటికి వచ్చేది. పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుందని గోడకు ఆనుకుని కూర్చునే కునికేది.

నాకు వచ్చిన మొదటి అనుమానం ఏమిటో మీరు ఊహించగలరు. మందుల షాపు నుంచి కిట్ తెప్పించి, బాత్రూం తలుపు దగ్గర నిలబడి పరీక్ష చేయించాను. ఏమీ లేదు. అక్కడైనా సిగ్గుపడాలి కదా? నాకు కోపం వచ్చింది. అప్పటికే ఇద్దరు లెక్చరర్లతో ఆమె గురించి ఏదేదో అనేశాను. తప్పు నాది కాకూడదంటే ఆమెది కావాలి. సన్నబడాలని గొంతులో వేళ్లు పెట్టుకుంటోందని అందరికీ చెప్పాను.

ఒక మధ్యాహ్నం మెస్‌లో అందరి ముందూ ఆమెను నా ఎదురుగా కూర్చోబెట్టాను.

"లోపలికి పోతలేదు మేడం. ఈడ ఆగుతాంది," అంది, ఛాతీ మీద చెయ్యి పెట్టి.

"నాటకాలు నా దగ్గర నడవయ్. ప్లేటు ఖాళీ అయ్యేదాక లేవకు."

"జర నీళ్లన్న తాగనియ్యున్రి మేడం."

"నీళ్లు లేవు. తిను."

తిన్నది. కన్నీళ్లు కారుతుంటే ముద్ద మీద ముద్ద కుక్కుకుంది. చివరికి అంతా ప్లేటులోకే వచ్చింది. అమ్మాయిలు నవ్వారు. నేను ఆపలేదు. ఆ నవ్వు నాకు బాగుంది.

ఇది అందరూ చూసిందే. ఎవరికీ తెలియనిది మరొకటి ఉంది.

మర్నాడు హన్మకొండలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకు ఏ జబ్బూ లేదని ఆయన నోట అనిపించాలని నా పంతం. ఆయన తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశాడు. రజితను బయట కూర్చోమని నాతో అన్నాడు: "అన్నవాహిక కింది భాగం తెరుచుకుంటలేదమ్మా. అకలేషియా అంటరు, శానా తక్కువ మందికి వస్తది. తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లకు పోతే పాణం మీదికొస్తది. వాళ్ల నాయినను పిలిపించి హైదరాబాద్ పంపున్రి." చీటీ రాసిచ్చాడు.

ఆటోలో రజిత అడిగింది. "డాక్టర్ ఏమన్నడు మేడం?"

"గ్యాసట. మంచిగ తింటే తగ్గుతదన్నడు."

"అయితే ఫికర్ లేదు," అని నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

చీటీ చించేశాను. ఆమె తండ్రికి కబురు పెట్టడం పని ఒత్తిడిలో మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. తండ్రి వస్తే జబ్బు సంగతి అందరికీ తెలుస్తుంది, ఆ మెస్‌లో నేను తలదించుకుని నడవాల్సి వస్తుంది. అంతే కారణం. అంత చిన్న కారణానికి మనిషి ఇంత పని చేయగలదా? నేను చేశాను.

ఐదు వారాలకు జ్వరం, ఆయాసం వచ్చాయి. పెద్ద దవాఖానలో చేర్చేసరికి ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. నాలుగో రోజు పోయింది. నెల ముందు తెచ్చి ఉంటే ఆపరేషన్‌తో మామూలుగా తినగలిగేదని అక్కడి డాక్టరు ఆమె తండ్రికి చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను.

హాస్టల్‌లో మిగిలిన రజిత బట్టల పెట్టె తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ తండ్రి నా చేతులు పట్టుకున్నాడు. "మీరే డాక్టర్ తానికి తోల్కపోయిన్రని బిడ్డ ఫోన్ల చెప్పింది మేడం. కన్నతల్లి లెక్క చూసుకున్నరు." నా చేతులు కళ్లకద్దుకున్నాడు. నేను వెనక్కి లాక్కోలేదు. ధైర్యంగా ఉండమన్నాను.

ఆయన ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. బస్సులో గంటన్నర దూరం. వెళ్లి చెబుతానని మీకు మాట ఇవ్వను, వెళ్లనని నాకు తెలుసు. డాక్టరు చెప్పింది నేను విన్నాను, విని అబద్ధమాడాను. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు.